140 స్పీడుకి ఏ మోటార్? కరిజ్మా ఎలక్ట్రిక్ కన్వర్షన్, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కరిజ్మా_బెజవాడ:
అందరికీ నమస్తే. 2007 కరిజ్మా ఆర్ ఒకటి ఇంజన్ సీజ్ అయ్యి మా ఇంట్లో మూలన పడి ఉంది. అమ్మబుద్ధి కాదు, మళ్లీ ఇంజన్ పని చేయించబుద్ధీ కాదు, అందుకని ఎలక్ట్రిక్ చేద్దామని. ఊళ్లో తిరిగే 60 స్పీడు కిట్ వద్దు, ట్రాక్ డేకి తీసుకెళ్తే 140 టచ్ చేయాలి, అదీ కోరిక. బండి కాకుండా బడ్జెట్ మూడున్నర లక్షలు. క్యూఎస్ అనే చైనా కంపెనీ 138 మోటార్ ఒకటి "పీక్ 14 కిలోవాట్" అని ఆన్‌లైన్‌లో చూశా. పాత ఇంజనే 17 హార్స్ పవర్, అంటే పన్నెండున్నర కిలోవాటే కదా, 14 అంటే దానికంటే ఎక్కువేగా? వెనక చక్రంలోనే ఉండే హబ్ మోటారా, ఫ్రేమ్ మధ్యలో పెట్టి చైన్ వేయడమా అన్నదీ తేలట్లేదు.

టార్క్_శాస్త్రి:
ఆ పన్నెండున్నర కిలోవాట్లతో మీ కరిజ్మా ఎంత పోయేదో గుర్తుందా? పడుకుని తోలితే 125 చుట్టుపక్కల. దాని మీద ఇంకో 15 కావాలంటే ఇంకొంచెం పవర్ చాలదు. గాలిని తోసుకెళ్లే పవర్ స్పీడుకి ఘనంలో పెరుగుతుంది, స్పీడు రెట్టింపైతే పవర్ ఎనిమిది రెట్లు. నిటారుగా కూర్చునే మనిషి, 230 కిలోల మొత్తం బరువు అనుకుని లెక్కేశా. 100 దగ్గర చక్రం మీద సుమారు 7.7 కిలోవాట్లు, 120 దగ్గర 12.8, 140 దగ్గర 20, 160 దగ్గర 29. చైన్, మోటార్, కంట్రోలర్ (మోటార్‌కి పోయే కరెంటుని అదుపు చేసే పెట్టె) నష్టాలు కలిపితే 140కి బ్యాటరీ నుంచి 23 దాకా లాగాలి. అదే మంచి ఫెయిరింగ్ (గాలిని చీల్చే ముందు తొడుగు) వేసి, ట్యాంకు మీద గడ్డం ఆనించి పడుకుంటే చక్రం మీద 15 చాలు. ఐదు కిలోవాట్లు ఫైబర్ ముక్కతో మిగులుతున్నాయి, ఏ మోటార్ అమ్మేవాడూ ఆ ధరకి ఐదు కిలోవాట్లు ఇవ్వడు. ముందు ఫెయిరింగ్ సంగతి చూడండి.

హబ్_అభిమాని:
నా ఓటు హబ్‌కే. చైన్ ఉండదు, సౌండ్ ఉండదు, గ్రీజు గొడవ లేదు. క్యూఎస్ 273 హబ్ 8 కిలోవాట్ రేటెడ్ (ఆగకుండా ఇచ్చే పవర్) ఉంది, వెనక చక్రం మార్చేసి వైర్లు కలిపితే పనైపోయింది. నేను రెండేళ్లుగా రోజూ ఆఫీసుకి హబ్ బండి మీదే పోతున్నా, ఇంతవరకు దాన్ని ముట్టుకోలేదు.

ఫార్ములా_మాజీ:
ఆఫీసుకి ఓకే బ్రో, ట్రాక్‌కి కాదు. అంత బరువు మొత్తం చక్రంలో ఉంటే సస్పెన్షన్ ఏం చేస్తుంది, గతుకు మీద వెనక చక్రం నేలని పట్టుకోదు, కార్నర్‌లో ఇది బాగా తెలుస్తుంది. దానికన్నా పెద్ద సమస్య గేరింగ్. హబ్ మోటార్ చక్రం స్పీడుతోనే తిరగాలి, నచ్చకపోతే మార్చడానికి స్ప్రాకెట్ ఉండదు. మోటార్ పవర్ అంటే టార్క్ ఇంటూ ఆర్‌పీఎం, టార్క్ కావాలంటే రాగి, ఇనుము, అయస్కాంతం, అంటే బరువు. ఆర్‌పీఎం పెంచితే అదే పవర్ చిన్న మోటార్‌లో వస్తుంది. డుకాటీ వాళ్లు మోటోఈ అనే ఎలక్ట్రిక్ బైకు రేసులకి చేసిన బండి వీ21ఎల్ చూడండి, 21 కిలోల మోటార్, 18,000 ఆర్‌పీఎం, 110 కిలోవాట్లు. మనకి అంత అక్కర్లేదు గానీ సూత్రం అదే. మధ్యలో పెట్టి, చైన్ వేసుకోండి.

నేను కాలేజీలో ఉన్నప్పుడు ఫార్ములా భారత్ (కాలేజీల రేసు కార్ల పోటీ) ఎలక్ట్రిక్ కారు టీమ్‌లో చేశా, కోయంబత్తూరు కారి ట్రాక్‌లో. మోటార్ కేటలాగ్‌లో కాలేజీ పిల్లలందరి కళ్లూ ఎమ్రాక్స్ మీదే, స్లొవేనియా వాళ్లది. 228 మోడల్ 12 కిలోలే, పీక్ 100 కిలోవాట్లు దాటుతుంది. కానీ అన్నా, అది మీకు వద్దు. మోటార్ ఒక్కటే మీ బడ్జెట్ దాటేస్తుంది, ఆ పవర్ వాడాలంటే కొన్ని వందల వోల్టుల బ్యాటరీ ప్యాక్ కావాలి. అంత డీసీ ఇంట్లో పెట్టుకుని పని చేయడం ఆషామాషీ కాదు, ఇన్సులేటెడ్ గ్లవ్స్ లేకుండా మా సార్ దగ్గరికే రానిచ్చేవాడు కాదు.

వైండింగ్_బాబాయ్:
తమ్ముడూ, ఆ పీక్ 14 దగ్గరే ఆగిపోదాం కాసేపు. నాది రాజమండ్రిలో రీవైండింగ్ షాపు. నీళ్ల మోటార్లతో మొదలుపెట్టాం, ఇప్పుడు వచ్చేవాటిలో ఈవీ మోటార్లూ బానే ఉంటున్నాయి. కాలిపోయి వచ్చిన ప్రతి కుర్రాడూ చెప్పే మాట ఒకటే, "బాబాయ్ దీని పీక్ ఇంత ఉంది కదా". క్యూఎస్ 138 90హెచ్ ప్లేటు మీద రేటెడ్ 4 కిలోవాట్లు. అంటే రోజంతా ఇచ్చినా వేడెక్కి చెడిపోకుండా ఇచ్చేది అది. పీక్ అంటే కొన్ని సెకన్లు. మోటార్‌లో వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. రేటెడ్ కరెంటుకి మూడింతలు లాగితే తొమ్మిదింతల వేడి, అది బయటికి పోయే దారి మాత్రం ఆ అల్యూమినియం డబ్బా ఒక్కటే. మే నెలలో బయట గాలే 43 ఉన్నప్పుడు డబ్బా మాత్రం ఏం చల్లబడుతుంది?

ఇంకోటి. కంట్రోలర్ మీద రెండు ఆంపియర్లు ఉంటాయి, బ్యాటరీ ఆంపియర్లు, మోటార్ వైండింగ్‌లోకి పోయే ఫేజ్ ఆంపియర్లు. బ్యాటరీ 150 దగ్గర పెట్టాం కదా అని ధైర్యంగా ఉంటారు, ఫేజ్ మాత్రం కంపెనీ పెట్టిన 450 అలాగే వదిలేస్తారు. వైండింగ్‌ని కాల్చేది ఫేజ్ కరెంటు. నా దగ్గరికి వచ్చే మోటార్లలో ఎక్కువ భాగం సిగ్నల్ దగ్గర నిలబడి ఒక్కసారి యాక్సిలరేటర్ తిప్పినవే, టాప్ స్పీడులో పోయినవి కావు. వైండింగ్ అయితే నేను మళ్లీ చుట్టిస్తా. వేడికి అయస్కాంతాల బలం పడిపోతే నా చేతిలో ఏమీ లేదు. లోపల టెంపరేచర్ సెన్సార్ ఉందో లేదో కొనేముందే అడుగు, ఉంటే కంట్రోలర్‌కి కలుపు, 120 డిగ్రీల దగ్గర పవర్ తగ్గించేలా సెట్ చేయి. సెన్సార్ వైరు వాడకుండా వదిలేసిన బళ్లు ఎన్నో చూశా.

కరిజ్మా_బెజవాడ:
బాబాయ్ గారూ, అయితే 20 కిలోవాట్ రేటెడ్ మోటార్ కొనాలా? అది పట్టేంత చోటు ఫ్రేమ్‌లో ఉండదేమో.

టార్క్_శాస్త్రి:
అక్కర్లేదు. 140ని ఎన్ని నిమిషాలు పట్టుకోవాలి అన్నదే అసలు ప్రశ్న, మోటార్ సైజు దాన్నిబట్టే. హైవే మీద అరగంట 140 అంటే రేటెడ్డే 20 ఉండాలి. ట్రాక్ మీద మీరు ఫుల్ థ్రాటిల్‌లో ఉండేది స్ట్రెయిట్ మీద కొన్ని సెకన్లు, తర్వాత బ్రేకు, కార్నర్, మళ్లీ థ్రాటిల్. ల్యాప్ మొత్తం సగటు తీస్తే పీక్‌లో సగం కూడా రాకపోవచ్చు. కాబట్టి 8 నుంచి 12 రేటెడ్, 25 దాటి పీక్, ఆ కోవలో వెతకండి. క్యూఎస్‌లోనే 180 90హెచ్ ఉంది, రేటెడ్ 8. అమెరికా మోటెనర్జీ వాళ్ల ఎంఈ0913 అయితే రేటెడ్ 12, కాసేపు 30, బరువు 16 కిలోల దగ్గర, 5000 ఆర్‌పీఎం. రెండోదానికి కస్టమ్స్ దెబ్బ ఉంటుంది, చూసుకోండి.

కారి చిన్న ట్రాకు కాబట్టి అక్కడ 140 చూపించే చోటే తక్కువ. స్పీడు మీద మోజుంటే మద్రాస్ ట్రాక్, ఇరుంగాట్టుకోట్టై.

కోవెంట్రీ_తెలుగోడు:
మోటార్ పెద్దదైతేనే గెలుస్తాం అనుకునేవాళ్లకి ఒక పాత ముచ్చట. 2009లో ఐల్ ఆఫ్ మ్యాన్‌లో మొదటిసారి ఎలక్ట్రిక్ బైకుల రేసు టీటీఎక్స్‌జీపీ పెట్టారు. గెలిచింది టీమ్ అగ్ని, రైడర్ రాబ్ బార్బర్. సుజుకీ జీఎస్ఎక్స్ఆర్ ఫ్రేమ్‌లో రెండు అగ్ని మోటార్లు, అవీ పాత రకం బ్రష్ మోటార్లే. డిజైన్ సెడ్రిక్ లించ్‌ది, అగ్ని కంపెనీ గుజరాత్‌ది. సుమారు 60 కిలోమీటర్ల కొండదారి ల్యాప్‌కి సగటు 87 మైళ్లు, అంటే గంటకి 140 కిలోమీటర్లు, సరిగ్గా మన తమ్ముడు అడిగిన స్పీడు. ఆ తర్వాత 2012లో మైకేల్ రట్టర్ 100 మైళ్ల సగటు దాటాడు, 2019కి అదే రట్టర్ ముగెన్ బండి మీద 121.9కి తీసుకెళ్లాడు. ఆ పదేళ్లలో మోటార్లు బాగుపడ్డాయి, కాదనను, కానీ అసలు మార్పు బ్యాటరీలోనే. 60 కిలోమీటర్లు ఆ స్పీడులో పోయి కూడా ఇంటికి చేరేంత చార్జ్ మిగలడమే అక్కడి కష్టం.

ఇక్కడ ఇంగ్లండ్‌లో మా దగ్గర సెకండ్ హ్యాండ్ జీరో కంపెనీ ఎలక్ట్రిక్ బళ్ల మోటార్లు దొరుకుతాయి, చాలామంది కన్వర్షన్‌కి అవే వాడతారు. అక్కడికి పంపించమని మాత్రం అడక్కండి, ముగ్గురు అడిగారు ఇప్పటికే.

ప్యాక్_పిచ్చోడు, హైదరాబాద్:
ఎవరూ బ్యాటరీ దాకా రావట్లేదేంటా అని చూస్తున్నా. 23 కిలోవాట్లు లాగాలి అంటున్నారు, 72 వోల్ట్ ప్యాక్ అయితే 320 ఆంపియర్లు. దాన్ని నేను 24 సిరీస్‌కి (ఒకదాని వెనక ఒకటి కలిపిన 24 సెల్స్) పెంచమంటా, నామినల్ 86, ఫుల్ చార్జ్‌లో 100.8 వోల్టులు. అప్పుడు లోడ్ మీద 84కి దిగినా 275 ఆంపియర్లతో సరిపోతుంది, కేబుళ్లు, కనెక్టర్లు ఊపిరి పీల్చుకుంటాయి. మోలిసెల్ పీ42ఏ సెల్స్‌తో 24 సిరీస్, 14 ప్యారలల్ (ప్రతి మెట్టులో 14 సెల్స్ పక్కపక్కన) కట్టారనుకోండి, 336 సెల్స్, ఐదు కిలోవాట్ అవర్లు, ఉత్త సెల్సే 23 కిలోలు పైన. ఒక్కో సెల్ మీద 20 ఆంపియర్లు పడుతుంది, ఆ సెల్‌కి అది హాయిగా తట్టుకునే లోడే. అంత కష్టపడి కట్టిన ప్యాక్ నిలకడగా 140లో ఎంతసేపు వస్తుందో తెలుసా, 13 నిమిషాలు. 30 కిలోమీటర్లు. అందుకే చెప్తున్నా, మోటార్ ఎంచుకోవడం ఈజీ పార్ట్. చవకగా దొరికే ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) పెద్ద సెల్స్ వైపు వెళ్లకండి, సోలార్ స్టోరేజ్ కోసం చేసిన సెల్ 1సీ (గంటలో ఖాళీ అయ్యేంత కరెంటు) కంటే ఎక్కువ ఇవ్వదు, ఈ పవర్‌కి వాటితో కడితే బండి కాదు ఆటో అవుతుంది.

మూడున్నర లక్షల్లో ప్యాక్, బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే బోర్డు), చార్జరే సగం తినేస్తాయి.

డబ్బు_దండగ:
అల్ట్రావయొలెట్ ఎఫ్77 అనే రెడీమేడ్ ఎలక్ట్రిక్ బైకు కొనుక్కోవచ్చు కదా? 30 కిలోవాట్ పీక్, 10.3 కిలోవాట్ అవర్ బ్యాటరీ, 155 టాప్ స్పీడు, వారంటీ, ఇన్సూరెన్స్. నాలుగు లక్షల దగ్గర వస్తుంది. మీరు పెట్టేదానికి ఇంకో యాభై వేలు.

కరిజ్మా_బెజవాడ:
కొనుక్కోవచ్చు. చేయడంలో ఉన్న సరదా దాంట్లో ఉండదుగా.

ఆర్టీవో_ఆఫీసు_పక్కింటోడు:
రోడ్డు మీదకి తెద్దామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానేయండి. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇష్టమొచ్చినట్టు మార్చిన బండికి రిజిస్ట్రేషన్ నిలవదు. ఎలక్ట్రిక్ కన్వర్షన్ చేయాలంటే ఏఐఎస్ 123 అనే ప్రమాణం ప్రకారం టెస్ట్ పాసైన కిట్, అదీ ఆ మోడల్ బండికి అప్రూవ్ అయినది, వేయించి ఆర్‌సీలో ఫ్యూయల్ మార్పించాలి. స్ప్లెండర్‌కి అలాంటి కిట్ ఉంది, కానీ అది ఊళ్లో తిరిగే స్పీడుకి చేసింది. మీరు సొంతంగా కట్టే 25 కిలోవాట్ల బండికి ఆ దారి లేదు. ట్రాలీ మీద ట్రాక్‌కి తీసుకెళ్లి, ట్రాలీ మీద తెచ్చుకోండి. పోలీసు సంగతి అటుంచండి, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాడు రూపాయి ఇవ్వడు.

నల్గొండ_ఫార్‌డ్రైవర్:
నాది యూనికార్న్ ఫ్రేమ్, క్యూఎస్ 138, ఫార్‌డ్రైవర్ కంట్రోలర్, మా బాబాయి ఫామ్‌హౌస్ దారిలో తప్ప బయట తోలను. స్పీడు చాలకపోతే ఫీల్డ్ వీకెనింగ్ పెట్టు అని అందరూ చెప్తారు, నేనూ పెట్టిన, యాప్‌లో నంబరు మారుస్తే 20 స్పీడు ఎక్కువొచ్చింది, మస్తు అనిపించింది. కానీ ఒకటి తెలుసుకోవాలె. బ్యాటరీ వోల్టేజ్ చేరనిచ్చే స్పీడు కంటే పైన మోటార్‌ని తిప్పుతున్నం, అప్పుడు దాని బ్యాక్ ఈఎంఎఫ్ (తిరిగే మోటార్ తనే పుట్టించే వోల్టేజ్) బ్యాటరీ కంటే ఎక్కువ ఉంటది. ఆ టైంలో కంట్రోలర్ ఒక్కసారి ఆఫ్ అయిందంటే ఆ వోల్టేజ్ మొత్తం వెనక్కి వచ్చి కంట్రోలర్ మీద పడ్తది, వెనక చక్రం బ్రేకు కొట్టినట్టు పట్టేస్తది. నూట ముప్పైలో అట్ల జరిగితే ఊహించుకో. కొంచెం వాడు, 140 మొత్తం దాని మీద ఆధారపడి ప్లాన్ చేయకు. గేరింగ్‌తోనే రావాలె స్పీడు.

కరిజ్మా_బెజవాడ:
గేరింగ్ లెక్క నేనే వేశా, చూడండి. వెనక టైరు 100/90-18, చుట్టుకొలత 2 మీటర్లు. 140కి చక్రం నిమిషానికి 1,170 సార్లు తిరగాలి. ఎంఈ0913 అయితే 5000 ఆర్‌పీఎం కాబట్టి రేషియో 4.3, అంటే ముందు 12 పళ్లు, వెనక 52. కరెక్టేనా?

ఫార్ములా_మాజీ:
కాదన్నా. 5000 అనేది మోటార్ తట్టుకునే గరిష్ఠం, మీ ప్యాక్ ఇచ్చేది కాదు. ఆ మోటార్ వోల్టుకి 50 ఆర్‌పీఎం చొప్పున తిరుగుతుంది. లోడ్‌లో ప్యాక్ 84 దగ్గర ఉంటే ఖాళీగా తిరిగినా 4200, గాలిని తోస్తూ ఉన్నప్పుడు 3800 దాటితే గొప్ప. దాని మీద లెక్కేసుకోండి, రేషియో 3.3, 14-46 స్ప్రాకెట్లు. 12-52తో వెళ్తే 106 దగ్గర ఆగిపోయి మోటార్ బాలేదని తిట్టుకుంటారు. వెనక 46తో పాటు 42, 50 కూడా చేయించి పెట్టుకోండి, ట్రాక్‌ని బట్టి మార్చుకోవచ్చు. వెనకది లేజర్ కటింగ్ వాళ్ల దగ్గర డ్రాయింగ్ ఇస్తే కోసిస్తారు.

వైండింగ్_బాబాయ్:
మోటార్ బిగించే ప్లేటు మందంగా చేయించు, 10 మిల్లీమీటర్లు తక్కువ కాకుండా. చైన్ లాగుడికి పల్చటి ప్లేటు వంగి స్ప్రాకెట్ లైను తప్పుతుంది.

కరిజ్మా_బెజవాడ:
అందరికీ థాంక్స్. ఎంఈ0913, 24 సిరీస్ ప్యాక్, ఫీల్డ్ వీకెనింగ్ పేరుకి మాత్రమే, ముందు ఫెయిరింగ్. కస్టమ్స్ ఎంత పడుతుందో కనుక్కుని, మరీ ఎక్కువైతే క్యూఎస్ 180. వెనక డ్రమ్ బ్రేకు, టైర్లు మార్చాలా?

కోవెంట్రీ_తెలుగోడు:
టైరు పక్కన సైజు చివర అక్షరం చూడు. పీ అంటే 150 దాకా, ఎస్ అంటే 180, హెచ్ అంటే 210. పీ ఉంటే నీ టార్గెట్‌కి పది కిలోమీటర్లే తేడా, హెచ్ వేయించు. బ్రేకుల గురించి అడిగేవాడివి మోటార్ కంటే ముందు అడగాల్సింది, వెనక డిస్క్ పెట్టు, ముందు కాలిపర్ రీబిల్డ్ చేయించు. ఇంజన్ బ్రేకింగ్ పోతోందని మర్చిపోకు, రీజెన్ (మోటారే బ్రేకు వేస్తూ బ్యాటరీని నింపడం) ఉందిగా అంటావేమో, ఫుల్ చార్జ్ ప్యాక్ మీద మొదటి ల్యాప్‌లో బీఎంఎస్ రీజెన్‌ని అసలు ఒప్పుకోదు.