చెక్కపనికి ఒక్కటే కొనాలంటే: కార్డ్‌లెస్ డ్రిల్లా, ఇంపాక్ట్ డ్రైవరా?

కవిటి కుర్రాడు

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా తోటలో కొబ్బరితోపాటు పనస చెట్లు కూడా పడిపోయాయి. దుంగల్ని నాన్న కోత మిల్లులో పలకలు కోయించి పాకలో ఎత్తిపెట్టారు. ఇన్నాళ్లకు వాటితో ఒక మంచం, వరండాలోకి ఒక బల్ల చేయాలని మొదలుపెట్టాను. ఆ తర్వాత వంటింట్లోకి ప్లైవుడ్ అల్మరాలు. నేను వడ్రంగిని కాదు. డ్యూటీ అయ్యాక సాయంత్రాలు చేసుకునే పని ఇది. గోడలకు బెజ్జాలు పెట్టే కరెంటు డ్రిల్ ఇంట్లో ఉంది, 10 ఎం.ఎం. చక్‌ది (బిట్టుని పట్టుకునే మూతి). బ్యాటరీది ఒక్కటే కొనగలను. శ్రీకాకుళంలో షాపాయన ఇంపాక్ట్ డ్రైవర్ తీసుకోమంటున్నాడు. మా మావయ్య డ్రిల్ అంటున్నాడు. ఎందుకో మాత్రం ఇద్దరూ చెప్పరు. చేసేవాళ్లు చెప్పండి.

రాజాం మేస్త్రీ

ఇంపాక్టే తీసుకో బాబూ. బెజ్జం పెట్టడానికి డ్రిల్ ఉందని నువ్వే అంటున్నావు. నీకు లేనిది స్క్రూ బిగించే మిషన్. మేం సైట్లో పొద్దున్నుంచి చీకటిపడే దాకా బిగించేది స్క్రూలే. డ్రిల్‌తో 75 ఎం.ఎం. స్క్రూని టేకు ఫ్రేములోకి దించి చూడు. చివరి అంగుళంలో బిట్టు ఆగిపోయి మిషన్ తిరుగుతుంది, మణికట్టు మెలిక పడుతుంది. ఇంపాక్ట్‌లో ఆ బాధ లేదు. లోపల స్ప్రింగు మీద ఒక బరువైన ముక్క ఉంటుంది. బిగువు పెరగ్గానే అది జారి జారి, తిరిగే దిశలోనే కొడుతుంది, నిమిషానికి 3 వేల దెబ్బల పైమాటే. ఆ దెబ్బ స్క్రూకి పోతుంది గానీ చేతికి రాదు. మిషన్ పొట్టిది, అల్మరా మూలల్లోకి దూరుతుంది. డబ్బా మీద చూసుకో: తిప్పే బలం డ్రిల్‌కి 50, 60 న్యూటన్ మీటర్లు రాసి ఉంటే దీనికి 150 పైనే ఉంటుంది. ఇంకా ఏటి కావాలి?

గంటస్తంభం, విజయనగరం

మేస్త్రీ గారికి గౌరవంతోనే చెబుతున్నాను, ఆ 60ని, ఆ 150ని పక్కపక్కన పెట్టి చూడకూడదు. డ్రిల్ ఇచ్చేది ఆగకుండా తిప్పే బలం. ఇంపాక్ట్ అంకె ఒక్కో దెబ్బ తగిలిన క్షణంలో వచ్చే బలం. బిగిసిన స్క్రూకి దెబ్బ బాగా పనికొస్తుంది. చెక్కని కోసుకుంటూ పోవాల్సిన పెద్ద బిట్టుకి మాత్రం ఆగని బలమే కావాలి.

కుర్రాడు చెప్పిన పనులే చూద్దాం. అల్మరా తలుపులకు ఆటో హింజ్‌లు, అంటే బయటికి కనబడని బందులు, పెడతాడు కదా. ఒక్కో హింజ్‌కి 35 ఎం.ఎం. వెడల్పున గుండ్రటి గుంట తీయాలి. లోతు కొంచెం ఎక్కువైతే బిట్టు మధ్య మొన తలుపు అవతలికి పొడుచుకొస్తుంది. ఆ బిట్టు నిమిషానికి 500 చుట్ల లోపు, నిదానంగా, సమంగా తిరగాలి. కార్డ్‌లెస్ డ్రిల్‌లో మొదటి గేరు అందుకే ఉంది. ఇంపాక్ట్‌కి చక్కే ఉండదు, ఆరు పలకల పావు అంగుళం కాడ ఉన్న బిట్లే పడతాయి. ఆ కాడతో 35 కట్టర్ దొరికినా దెబ్బలకి అంచు చితుకుతుంది, లామినేట్ పెచ్చులు లేస్తుంది. ఇంట్లో ఉన్న కరెంటు డ్రిల్ అయితే ఖాళీగా 2,500 చుట్ల పైన తిరిగే రకం. బటన్ మెల్లగా నొక్కితే వేగం తగ్గుతుంది, దాంతోపాటు బలమూ తగ్గుతుంది. పూర్తిగా నొక్కితే చెక్క మాడి పొగ వస్తుంది.

అసలు సంగతి క్లచ్. డ్రిల్ మెడ చుట్టూ అంకెల రింగు ఉంటుంది. 5 మీద పెడితే ఆ బిగువుకి రాగానే టకటకమని జారిపోతుంది, స్క్రూని ఇక తిప్పదు. సొరుగు చానల్‌కి పెట్టే అర అంగుళం స్క్రూలు, బందుల స్క్రూలు, పార్టికల్ బోర్డులో స్క్రూలు, ఇవన్నీ ఒక్క చుట్టు ఎక్కువైతే లోపలి మర అరిగిపోయి వదులుగా తిరుగుతూ ఉంటాయి. అప్పుడు అగ్గిపుల్ల కూరి మళ్లీ బిగించుకోవడమే. ఇంపాక్ట్‌లో మామూలుగా క్లచ్ ఉండదు. చాలా కరెంటు డ్రిల్లులకూ ఉండదు. అంటే ఈయన ఇంపాక్ట్ కొంటే ఇంట్లో రెండు మిషన్లు ఉన్నా, ఎక్కడ ఆగాలో తెలిసినది ఒక్కటీ ఉండదు.

రాజాం మేస్త్రీ

క్లచ్ వేలిలో ఉంటుంది సార్. ఇంపాక్ట్ ఆన్ చెయ్యగానే దెబ్బలు మొదలవుతాయని అనుకుంటారు, కాదు. బిగువు వచ్చే దాకా అది మామూలుగానే తిరుగుతుంది. మొదటి ‘టక్’ వినగానే వేలు తీసేస్తే సరి. చానల్ స్క్రూలు నేను దాంతోనే వేస్తాను. ఈమధ్య వచ్చేవాటిలో రెండు మూడు స్పీడ్లు ఉంటున్నాయి, తక్కువ దాంట్లో పెడితే ఇంకా తేలిక. 35 గుంట సంగతి ఒప్పుకుంటున్నా, అది డ్రిల్ పనే.

గంటస్తంభం, విజయనగరం

ఆ వేలు మీది, మేస్త్రీ గారూ. ఆయనది కాదు. మొదటిసారి అల్మరా చేసేవాడికి టక్ వినబడే లోపలే స్క్రూ తల ప్లైలో మునిగిపోతుంది.

ఇంకోటి. పనస తలుపులకి, పాత పెట్టెలకి ఇత్తడి బందులు పెట్టేవాళ్లు జాగ్రత్త. ఇత్తడి స్క్రూని ఇంపాక్ట్‌తో బిగిస్తే మెడ దగ్గర పుటుక్కున తెగిపోతుంది, సగం చెక్కలో ఉండిపోతుంది. ముందు బెజ్జం వేసి, అదే సైజు ఇనుప స్క్రూని ఒకసారి దించి తీసి, ఆ దారిలో ఇత్తడిది సబ్బు రాసి చేత్తో బిగించాలి. నల్ల స్క్రూలకీ ఇదే జబ్బు. అవి జిప్సమ్ బోర్డు కోసం చేసినవి. గట్టిగా ఉంటాయి గానీ పెళుసు. గట్టి చెక్కలో ఇంపాక్ట్ దెబ్బకి తలలు ఎగిరిపోతాయి. మనవాళ్లు చౌక అని అన్నిటికీ అవే వాడతారు.

బొబ్బిలి ఉలి

అసలు మంచానికి స్క్రూలేమిటండీ? కోడు తొలిచి పట్టె దూర్చి మేకు కొడితే మనవలు కూడా పడుకుంటారు. పనస కర్ర ఉలికి బాగా లొంగుతుంది. మా ఊళ్లో వీణ కుండ తొలిచేది ఆ కర్రలోనే.

కవిటి కుర్రాడు

ఉలి గారూ, కోళ్లకి తొలిచే చేద్దామనే ఉంది. కానీ మొత్తం ఉలితో తొలిచే ఓపిక నాకు లేదు. ముందు వరసగా బెజ్జాలు వేసి, మిగిలిన గోడలు ఉలితో శుభ్రం చేస్తే నడుస్తుందా? ఇంకో మాట చెప్పడం మరిచాను. ఇంట్లో చంటిపాప ఉంది, నేను పనిచేసేది రాత్రి ఏడు దాటాక. ఇంపాక్ట్ చప్పుడు ఎంత ఉంటుంది?

బొబ్బిలి ఉలి

నడుస్తుంది. తొలిచే గుంట వెడల్పు 12 ఎం.ఎం. అనుకుంటే 10 బిట్టుతో వరసగా దించి, రెండు వైపులా ఒక్కో ఎం.ఎం. ఉలికి వదిలెయ్యండి. బిట్టుకి లోతు దగ్గర టేపు చుట్టండి. నిలువుగా దిగుతోందో లేదో చూడటానికి పక్కన గుణియం నిలబెట్టుకోండి. మిషన్ నిదానంగా తిరిగితేనే కుదురుతుంది.

రాజాం మేస్త్రీ

చప్పుడా? పాప లేస్తుంది. పక్కింటి పాప కూడా లేస్తుంది. గట్టి చెక్కలో దెబ్బలు మొదలైతే చెవులకి ఇయర్ ప్లగ్స్ పెట్టుకుని చెయ్యాల్సిందే. మా కుర్రాళ్లు పెట్టుకోరు, అది వేరే సంగతి.

నాగావళి రిపేరింగ్, శ్రీకాకుళం

మీరంతా మిషన్ల గురించి కొట్టుకుంటున్నారు, డబ్బు పోయేది బ్యాటరీ దగ్గర. నా బల్ల మీదికి వచ్చేవాటిలో ఎక్కువ చచ్చిపోయిన ప్యాకులే.

వోల్టు అంకెలు నమ్మకండి. లిథియం సెల్ ఒక్కటి మామూలుగా 3.6 వోల్టులు, ఫుల్ చార్జిలో 4.2. మూడు సెల్స్ వరస అయితే 10.8. దాన్నే ఫుల్ చార్జి లెక్కలో 12 అని అమ్ముతారు. అయిదు సెల్స్ అయితే 18. అదే ప్యాకు మీద ఒక కంపెనీ 20 మ్యాక్స్ అంటుంది, ఇంకొకరు 21 అంటారు. మూడూ ఒకటే. డబ్బా మీద 48, 88 అని ఉండి, ప్యాకు విప్పితే లోపల అయిదే సెల్స్ కనబడేవి ఉన్నాయి. ఆ అంకె వోల్టేజ్ కాదు, స్టిక్కరు. ప్యాకులో ఎంత శక్తి ఉందో తెలియాలంటే వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో గుణించండి. 18 ఇంటు 2 అంటే 36 వాట్ అవర్లు, 12ది 2 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) అయితే 24 లోపే.

రెండోది, ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషన్‌కి పట్టదు. ఈరోజు కొనేది డ్రిల్ కాదు, ఒక బ్యాటరీ కుటుంబంలోకి పెళ్లి సంబంధం. రేపు కావాలంటే అదే కుటుంబంలో ఇంపాక్ట్ బాడీ మాత్రం, బ్యాటరీ లేకుండా, కొనుక్కోవచ్చు. అది దొరుకుతుందా, సర్వీస్ వైజాగ్‌లోనైనా ఉందా అని షాపులో ముందు అడగండి.

షాపాయన ఏ ఇంపాక్ట్ చూపిస్తున్నాడో కూడా చూసుకోండి. గోడలకి వాడే ఇంపాక్ట్ డ్రిల్ బిట్టుని ముందుకూ వెనక్కూ కొడుతుంది. ఇక్కడ మాట్లాడుతున్న డ్రైవర్ తిరిగే దిశలో కొడుతుంది. బాష్‌లో అయితే జీఎస్‌ఆర్ మామూలు డ్రిల్, జీఎస్‌బీ గోడ దెబ్బ ఉన్నది, జీడీఆర్ ఇంపాక్ట్ డ్రైవర్. మకిటాలో డీఎఫ్, హెచ్‌పీ, టీడీ అదే వరసలో. గోడకి మీ దగ్గర ఇప్పటికే ఉంది కాబట్టి జీఎస్‌బీ రకానికి డబ్బు పెట్టక్కర్లేదు. అది కొంచెం పొడుగు, కొంచెం బరువు కూడా.

కవిటి కుర్రాడు

మరి 12 వోల్టులా, 18 ఆ? బ్రష్‌లెస్, అంటే కార్బన్ బ్రష్‌లు లేని మోటారు, తప్పనిసరా?

గంటస్తంభం, విజయనగరం

12 చాలు అంటాను. తేలిక, చేతిలో ఇముడుతుంది, అల్మరా పనికి హాయి. నా పనంతా దాంతోనే. 35 గుంట కూడా తీస్తుంది, కాకపోతే మొదటి గేరులో.

రాజాం మేస్త్రీ

12 వద్దు. ఎండిన పనసలో 10 బిట్టు వరసగా దించాలంటే అది మూలుగుతుంది. ఆపి ఆపి చెయ్యాలి. ఆ పని ఉన్నవాడికి 18.

నాగావళి రిపేరింగ్, శ్రీకాకుళం

ఈ విషయంలో నేను మేస్త్రీ గారి వైపు. 12 మిషన్‌ని గట్టి చెక్కలో ఒత్తిపట్టి వాడితే మోటారు, ప్యాకు రెండూ వేడెక్కుతాయి. ప్యాకుని చంపేది వేడే. చెయ్యి పెట్టలేనంత కాలిన ప్యాకుని వెంటనే చార్జర్‌లో పెట్టకండి, చల్లారనివ్వండి. రేకుల షెడ్డులో మే నెలలో వదిలెయ్యకండి. నెలల తరబడి వాడకపోతే సగం చార్జితో ఇంట్లో పెట్టండి. బ్రష్‌లెస్ అయితే అదే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, మార్చాల్సిన కార్బన్లు ఉండవు. సాయంత్రాలు చేసే పనికి కార్బన్ మోటారైనా సరిపోతుంది. ఆ తేడా డబ్బుతో రెండో బ్యాటరీ తీసుకోండి. కవిటిలో ఉప్పుగాలి కదా, బిట్లు మాత్రం నూనె గుడ్డలో చుట్టి పెట్టుకోండి.

రాజాం మేస్త్రీ

ఒక్క మాట. నాలాంటోడు ఎవడైనా ఇది చదివి డ్రిల్ కొనేస్తాడేమో. సైట్ పనోడికి, ఫ్రేములు, పార్టిషన్లు, రూఫ్ షీట్లు చేసేవాడికి ఇప్పటికీ నా మాట ఇంపాక్టే. ఈ కుర్రాడి పని వేరు. కోళ్లు తొలవాలి, హింజ్ గుంటలు తియ్యాలి, పాప పడుకోవాలి. సరే, డ్రిల్ తీసుకో తమ్ముడూ.

గంటస్తంభం, విజయనగరం

సైట్ పనికి ఇంపాక్ట్ అన్నది నేనెప్పుడూ కాదనలేదు. అక్కడ కూడా పక్కన ఒక డ్రిల్ ఉంటుంది కదా మేస్త్రీ గారూ?

రాజాం మేస్త్రీ

ఉంటుంది. రెండుంటాయి. ఒక్కటే కొనమంటే ఏది అని కదా ప్రశ్న.

కవిటి కుర్రాడు

అందరికీ థ్యాంక్స్. 18 వోల్టుల మామూలు డ్రిల్, గోడ దెబ్బ లేనిది, 2 ఏహెచ్ బ్యాటరీలు రెండు. అదే కంపెనీలో ఇంపాక్ట్ బాడీ విడిగా దొరుకుతుందో లేదో అడిగాకే డబ్బు కడతాను. వీటితోపాటు 35 కట్టర్, స్క్రూ తల కూర్చునే గుంట తీసే కౌంటర్‌సింక్ బిట్టు. 8 నంబరు స్క్రూకి పనసలో ముందు బెజ్జం ఎంత వెయ్యాలి?

రాజాం మేస్త్రీ

3 ఎం.ఎం. ప్లైలో అయితే రెండున్నర చాలు. 3 బిట్లు అరడజను కొను, విరుగుతాయి.