బొమ్మ కింద ‘మొగ్గు’ అని రాస్తే సరిపోతుందా?

పెన్నొడ్డు:
అందరికీ నమస్కారం. రెండు చిన్న మాటల కోసం రెండు రోజులుగా కొట్టుకుంటున్నా, మీలో ఎవరికైనా తడుతుందేమోనని ఇక్కడ పెడుతున్నా. నెల్లూరులో నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెప్తాను. ఒకే ప్రశ్న మీద వేర్వేరు చోట్ల, వేర్వేరు ఏళ్ళలో జరిగిన అధ్యయనాలన్నిటినీ ఒక దగ్గర చేర్చి లెక్క కట్టే పద్ధతి ఉంది గదా, మెటా అనాలిసిస్, దాని మీద తెలుగులో ఒక పోస్టర్ చేద్దామని కూర్చున్నా. ఆ లెక్కను చూపించే బొమ్మ పేరు ఫారెస్ట్ ప్లాట్. ఒక్కో అధ్యయనానికి అసలు ఫలితం ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో చూపే ఒక అడ్డగీత, దాని మధ్యలో ఆ అధ్యయనంలో వచ్చిన ఫలితానికి ఒక చదరం, అన్నిటి కిందా మొత్తం ఫలితానికి డైమన్ గుర్తు. ఇవన్నీ ఎటు పక్కన ఉన్నాయో చూడటానికి పైనుంచి కిందికి ఒక నిలువు గీత, అదే తేడా లేని గీత.

నేను తీసుకున్నది బీసీజీ టీకా లెక్క. 1948 నుంచి 1980 వరకు అచ్చయిన 13 అధ్యయనాలు, ఆర్ అని లెక్కలు కట్టి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఉంది గదా, దాంట్లో ఈ పని నేర్చుకునేవాళ్ళు చాలామంది మొదట చూసేది ఇదే. గీతకు ఎడమ పక్క పడితే టీకా వేసినవాళ్ళలో టీబీ తక్కువ అని, కుడి పక్క పడితే వేయనివాళ్ళలో తక్కువ అని. ఇంగ్లీషు బొమ్మల్లో కింద ఎడమ కొసన ‘ఫేవర్స్ వ్యాక్సిన్’ అనీ కుడి కొసన ‘ఫేవర్స్ కంట్రోల్’ అనీ ఉంటుంది. నేనేమో ‘టీకాకు అనుకూలం’, ‘టీకా ఇవ్వని వర్గానికి అనుకూలం’ అని రాశా. రెండోది బొమ్మ దాటి బయటికి పోయింది. అక్షరం తగ్గిస్తే ఒత్తులన్నీ చీమలు పాకినట్టు కలిసిపోయాయి. పొట్టి మాట కోసం వెతికితే ‘మొగ్గు’ తట్టింది. టీకా వైపు మొగ్గు. సరిపోతుందా?

ఇంకో సంగతి. ఫోన్లో ఫారెస్ట్ ప్లాట్ అంటుంటే మా నాయన విని, “అడివిలో ప్లాటు కొనబాక తల్లీ, రిజిస్ట్రేషన్ కాదు” అన్నాడు. కాబట్టి ఆ పేరుకి కూడా తెలుగు ఏమన్నా ఉంటే చెప్పండి.

సంతపేట కోడలు:
మొగ్గు బ్రహ్మాండంగా ఉంది అక్కా. కూరగాయలమ్మ తక్కెడ పట్టుకుంటే మనం అడిగేది అదే గదా, కొంచెం మొగ్గుగా తూయమ్మా అని. ముల్లు సరిగ్గా నడిమికి రాకుండా మన పక్కకి దిగాలి. నీ నిలువు గీత ఆ ముల్లు లాంటిదే. టీకా కాబట్టి సరిపోయింది గానీ, ఏదో మాత్ర గురించి అయ్యుంటే ‘మందు వైపు మొగ్గు’ అని రాయాల్సొచ్చేది, మీ పిల్లలు వారం రోజులు నవ్వేవాళ్ళు.

కందుకూరు పంతులు:
నవ్వులాట పక్కన పెడితే నాకొక అనుమానం. మొగ్గు తూకానికి సంబంధించిన మాట. బరువున్న పక్కకి తక్కెడ మొగ్గుతుంది. మీ బొమ్మలో బరువు అనేది వేరే ఉంది గదా అమ్మా, మొత్తం ఫలితంలో ఏ అధ్యయనం పాలు ఎంతో చెప్పడానికి కుడి పక్కన ‘వెయిట్’ అని శాతాల వరస వేస్తారు, చదరం ఎంత పెద్దదైతే అంత బరువు. పెద్ద చదరం ఉన్న పక్కకే మొగ్గు అని పిల్లలు అనుకోరూ? ఒకే బొమ్మలో రెండు తూకం మాటలు పెట్టి వేరే వేరే అర్థాలు చెప్పమంటే కష్టం.

పెన్నొడ్డు:
మాస్టారూ, నాకు ఇది తట్టనే లేదు. పైగా మీరన్న చిక్కు ఈ లెక్కలోనే ఉంది. మద్రాసు అధ్యయనం, 1980, ఒక్కో పక్క 88,391 మంది, టీకా వేసినవాళ్ళలో 505 మందికి టీబీ, వేయనివాళ్ళలో 499 మందికి. అంత పెద్ద అధ్యయనం, చదరం మాత్రం దాదాపు గీత మీదే కూర్చుంది. బరువుంది, మొగ్గు లేదు. వెయిట్‌ను నేను ‘తూకం’ అని రాశా, అది తీసేయాలి.

ఉప్పుటేరు:
తూకం తీసేయడానికి ఇంకో కారణం నేను చెప్తా. మనకు పుట్టి అంటే 850 కిలోలు, పక్క జిల్లాల్లో పుట్టి అంటే వేరే లెక్క. వడ్లు అవే, పుట్టి మారుతుంది. అట్లా ఆ మద్రాసు అధ్యయనం బరువు కూడా ఒకటి కాదు. అన్ని చోట్లా టీకా ఫలితం ఒకటే అనుకుని లెక్క కడితే దానికి 41 శాతం దాకా వస్తుంది. ఫలితం చోటుకో రకంగా ఉంటుందని ఒప్పుకుని కడితే 10 శాతానికి పడిపోతుంది. మనుషులు వాళ్ళే, పంచే పద్ధతి మారింది. అందుకని ‘వాటా’ అనండి. వాటా అంటే ఎవరో పంచారని మాటలోనే ఉంది. రెండక్షరాలే కాబట్టి మీ బొమ్మలో కూడా ఇముడుతుంది.

పెన్నొడ్డు:
వాటా ఖాయం. ఇప్పుడే మార్చేశా.

గుండ్లకమ్మ:
మొగ్గు ఎందుకు అక్కా, ‘టీకా మేలు’, ‘లేకుంటే మేలు’ అని పెట్టేస్తే సరిపోదా? ఆశా కార్యకర్తలకు కూడా అర్థమవుతుంది. మొగ్గు అంటే పేపర్లో ‘ఓటర్లు మొగ్గు చూపారు’ అని రాసే మాట లాగుంది.

కందుకూరు పంతులు:
అబ్బాయ్, మేలు అంటే తీర్పు. మొగ్గు అంటే వాలు, అంతే. ఆ తేడా పోగొట్టకూడదు.

పెన్నొడ్డు:
మాస్టారు ఒక్క ముక్కలో చెప్పేశారు, నేను దానికి ఉదాహరణ ఇస్తా. ఈ 13లో మన మదనపల్లెలో జరిగింది కూడా ఒకటి ఉంది, 1973. టీకా వేసిన 5,069 మందిలో 33, వేయని 5,808 మందిలో 47. వేసినవాళ్ళలో టీబీ వచ్చిన రేటును వేయనివాళ్ళ రేటుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 0.80. చదరం ఎడమ పక్కన ఉంది, టీకా వైపు మొగ్గు అని నిక్షేపంగా అనొచ్చు. కానీ దాని అడ్డగీత 0.52 దగ్గర మొదలై 1.25 దాకా పోయింది, అంటే 1 దగ్గరున్న నిలువు గీతను దాటేసింది, తేడా లేకపోయి కూడా ఉండొచ్చు. దీన్ని చూపించి మేలు అంటే ఒప్పుకోరు. దీనికి అటు కొస 1969 నాటి ఒక అధ్యయనం: టీకా వేసినవాళ్ళలో 5 కేసులు, వేయనివాళ్ళలో 3. చదరం కుడి పక్కకి పోయింది, నిష్పత్తి ఒకటిన్నర. దాని మీద ‘లేకుంటే మేలు’ అని రాసి ఉంటే చూసినామె ఇంటికెళ్ళి మనవరాలికి టీకా వద్దంటుంది. ఎనిమిది కేసుల మీద! పసిపిల్లల్లో మెదడుకు పాకే టీబీని ఆపడానికే గదా ఇవాళ్టికీ పుట్టగానే బీసీజీ వేసేది. కాబట్టి మొగ్గే.

సంతపేట కోడలు:
ఆ నిలువు గీతకు ‘గట్టు’ అని పెడితే? గీత గట్టు దాటింది, దాటలేదు అనొచ్చు. పొలం ఉన్నోళ్ళకు వెంటనే ఎక్కుద్ది.

ఉప్పుటేరు:
బాగుంది గానీ తిరగబడుతుంది. గట్టెక్కడం అంటే మనకు గెలుపు, ఇక్కడ గట్టు దాటడం అంటే ఏమీ తేల్చలేకపోవడం. చదివేవాడు రివర్స్‌లో తీసుకుంటాడు.

సంతపేట కోడలు:
అవును, నిజమే. వదిలేయండి.

గుండ్లకమ్మ:
నాకు భాష కన్నా పని ముఖ్యం, నేనూ ఆర్‌లోనే గీస్తా. అక్కా, ఏ ప్యాకేజీ వాడుతున్నావు? ‘మెటా’ అనే ప్యాకేజీ అయితే మార్జిన్లు మార్చే ‘పార్’ అనే ఆదేశం దానికి పట్టదు, ఎన్నిసార్లు కొట్టినా అంగుళం కదలదు, ఎందుకంటే అది ఆర్‌లోని మామూలు పద్ధతిలో కాకుండా ‘గ్రిడ్’ అనే వేరే పద్ధతిలో గీస్తుంది. నేను ఒక రాత్రంతా దాని మీద పోగొట్టుకున్నా. ‘మెటాఫర్’ అనే ఇంకో ప్యాకేజీ అయితే పార్ మాట వింటుంది.

పెన్నొడ్డు:
మెటాఫర్ తమ్ముడూ. దాంట్లో నన్ను ఏడిపించింది ‘ఎక్స్‌లిమ్’, ‘ఎ లిమ్’ అనే రెండు. రెండూ ఒకటే అనుకుని ఒకే అంకెలు ఇచ్చా, అధ్యయనాల పేర్లన్నీ పోయి గీతల మీద పడ్డాయి. తర్వాత తెలిసింది: ఎక్స్‌లిమ్ అంటే మొత్తం పొలం, గట్లూ కళ్ళమూ అన్నీ కలిపి, ఎ లిమ్ అంటే అందులో నాటు వేసిన మడి ఒక్కటే. ఎడమన పేర్లకు, కుడిన అంకెలకు చోటు కావాలంటే పొలం పెంచాలి, మడిని కాదు. మడి కావాలని తగ్గిస్తే దాన్ని దాటి పోయే గీతలకు అదే బాణం గుర్తు పెడుతుంది. నా అక్షం 4 దగ్గర ఆపా, ఆ 5, 3 కేసుల గీత 6 దాటి పోతుంది కాబట్టి దానికి బాణం వచ్చింది. మంచిదే, దానికి పట్టు లేదని చూడగానే తెలుస్తుంది.

ఇంకోటి, తెలుగులో చేసేవాళ్ళకి: మామూలు పీడీఎఫ్ డివైస్‌లో తెలుగు అక్షరాల బదులు చుక్కలు వస్తాయి. కైరో పీడీఎఫ్‌కి మార్చండి, కంప్యూటర్‌లో తెలుగు ఫాంటు ఉండాలి. ఇంగ్లీషుకు సరిపోయిన ఎత్తు మనకు సరిపోదు, కింది ఒత్తు, పై గుడి ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. నేను అక్షరం సైజు ముట్టుకోకుండా బొమ్మ ఎత్తు పెంచా. మొదట పొరపాటున వెడల్పు మాత్రమే తగ్గిస్తే ఏమైందో తెలుసా, కుడి కొసన ఉన్న మాటకి చివరి కొమ్ము తెగిపోయి ‘టీకా లేని వైపు మొగ్గ’ అని వచ్చింది. పూలకొట్టు బోర్డు లాగా.

ఉప్పుటేరు:
హహ్హ. డైమన్ అన్నారు గదా, వజ్రం అనకుండా. మంచి పని చేశారు, పేకాట మాటే సరైనది. పక్కనే ఉన్న కళావరు, ఆఠీను డచ్చి మాటలే, క్లావర్, హార్టెన్. పులికాట్‌లో వాళ్ళ కోట 1613 నాటిది, మాకు సరస్సుకు అవతల. ఆ దారినే వచ్చి ఉంటాయని నా ఊహ.

కందుకూరు పంతులు:
పేరు సంగతి మరిచారు. ఫారెస్ట్ ప్లాట్‌కి అడవి చిత్రం అని పెడితే ఎట్లా ఉంటుంది?

పెన్నొడ్డు:
అడవి చిత్రం అంటే అడవి బొమ్మ గీశారనుకుంటారు మాస్టారూ. అసలు ఆ పేరు గీతలన్నీ చెట్ల గుంపులా కనిపిస్తాయని వచ్చింది. అచ్చులోకి ఎక్కింది 1996 ప్రాంతంలో. అంతకుముందు 1990లో రొమ్ము క్యాన్సర్ పరిశోధకుల సమావేశంలో రిచర్డ్ పీటో, ఇది పాట్ ఫారెస్ట్ అనే ఆయన పేరు మీద వచ్చిందని తమాషాకి అన్నాడు. దాన్ని నిజమనుకుని కొందరు ఆయన ఇంటిపేరులో లాగా ఇంగ్లీషులో ‘r’ అక్షరం రెండుసార్లు పెట్టి రాశారు. అంత గందరగోళం ఉన్న పేరును తెలుగు చేసి నేనింకో గందరగోళం తేలేను. ఫారెస్ట్ ప్లాట్ అనే ఉంచుతా. లోపలి మాటలు మాత్రం తెలుగే: ‘వాటా’, ‘తేడా లేని గీత’, ‘టీకా వైపు మొగ్గు’, ‘టీకా లేని వైపు మొగ్గు’. డైమన్ పక్కన ‘మొత్తం మీద 0.49’ అని, దాని కొసలు 0.34, 0.70. డైమన్ గీతను తాకలేదు, కాబట్టి అక్కడ ఒక్కచోట మేలు అని మాట వాడినా పంతులుగారు ఒప్పుకుంటారనుకుంటా.

కందుకూరు పంతులు:
అక్కడ ఒప్పుకుంటా. అయినా 13 గీతలూ అంత ఎడంగా ఉన్నాయి గదా, ఒక చోట బాగా పనిచేసి ఇంకో చోట చేయలేదన్న మాట కూడా పిల్లలకు చెప్పండి.

పెన్నొడ్డు:
చెప్తా మాస్టారూ. భూమధ్యరేఖకు దూరంగా ఉన్న చోట్ల టీకా ఎక్కువ పనిచేసినట్టు కనిపిస్తుంది, మద్రాసు, మదనపల్లె రెండూ ఆ రేఖకు 13 డిగ్రీల అక్షాంశం దగ్గరే ఉన్నాయి. అధ్యయనాలను ఏళ్ళ వరసలో కాకుండా ఆ డిగ్రీల వరసలో పేరిస్తే మెట్లు దిగినట్టు కనిపిస్తుంది. అట్లాగే పేర్చి కొత్త బొమ్మ పెడుతున్నా, రేపు పొద్దున ప్రింటుకి ఇవ్వాలి, తప్పులుంటే ఈ రాత్రికే చెప్పండి.

గుండ్లకమ్మ:
అక్కా, ‘మద్రాసు’లో ‘సు’ సగం తెగింది. చూసుకో.