స్వేల్‌డేల్ ఆల్డర్సన్లు: ఒకే పేరుతో నలుగురు, మాకు కావలసిన మనిషి ఎవరు?

డేల్స్_కోడలు
మా వారిది ఇంగ్లండులో, ఉత్తర యార్క్‌షైర్‌లోని స్వేల్‌డేల్ లోయ, మ్యూకర్ ఊరి పైన కొండవాలు. ఇంటిపేరు ఆల్డర్సన్. ఆ లోయలో ఆ పేరు పలకడమంటే మన సంతలో "సుబ్బారావూ" అని కేకేసినట్టే. అత్తగారికి వచ్చే మార్చిలో ఎనభై నిండుతాయి. వంశవృక్షం ఫ్రేము కట్టించి ఇద్దామని కూర్చుంటే 1841 జనాభా లెక్కల దగ్గర బండి ఆగిపోయింది. అదే పేరు, అదే వయసు, అదే సీసపు గని పని, నలుగురు జాన్‌లు! వీళ్లను విడదీసేది ఎలా? వీలునామాలు ఎక్కడ దొరుకుతాయి? పాత దశమభాగం పటంలో (చర్చికి కట్టే పదో వంతు లెక్క కోసం గీసిన భూముల పటం) మా ఇల్లు గుర్తుపట్టవచ్చా? డీఎన్ఏ పరీక్షకు డబ్బు పెట్టడం దండగా? ఇంకొక చిన్న సంగతి. పాత రిజిస్టరులో ఒక పెళ్లి 1730 జూన్ 9న ఉంది. ఆ జంట మొదటి బిడ్డ బాప్తిస్మం 1730 ఫిబ్రవరి 14. అంటే పెళ్లికి నాలుగు నెలల ముందే బిడ్డ. ఇది అత్తగారికి చూపించాలా, దాచాలా?

గోదారి_గట్టు
దాచండమ్మా. ఎనభయ్యో పుట్టినరోజున ఆవిడకు ఇవ్వవలసిన కానుక అది కాదు.

లెక్కల_మాస్టారు
దాచడానికి ఏముంది? అప్పట్లో ఇంగ్లండులో సంవత్సరం జనవరి 1న మారేది కాదు, మార్చి 25న మారేది. మన ఉగాదిలాగా వసంతంలో కొత్త సంవత్సరం. కాబట్టి 1730 జూన్ తరువాత డిసెంబరు, ఆ తరువాత జనవరి, ఫిబ్రవరి, అన్నీ 1730లోనే. మీరు చెప్పిన ఫిబ్రవరి మన లెక్కలో 1731. రిజిస్టరు పేజీ తిప్పి చూడండి, ఫిబ్రవరి పద్దులు డిసెంబరు పద్దుల కింద ఉంటాయి. బిడ్డ పెళ్లి తరువాతే పుట్టాడు.

పాత_పత్రాలు
ఇరవై రెండేళ్లుగా యార్క్‌లో ఉంటూ ఇదే పని చేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. మాస్టారు చెప్పింది నిజమే కానీ సగమే. 1752లో క్యాలెండరు మార్పు చట్టం అమలై సెప్టెంబరు 2 మరునాడు 14 అయింది. పదకొండు రోజులు మాయం. 1751వ సంవత్సరం మార్చి 25న మొదలై డిసెంబరు 31కే అయిపోయింది. ఇక్కడ బ్రిటన్‌లో మీరంతా ఏటా ఏప్రిల్‌లో పన్ను కాగితాలు నింపుతూ సంవత్సరం జనవరిలో ఎందుకు మొదలు కాదని విసుక్కుంటారు కదా, ఆ పాత మార్చి 25కి పదకొండు కలిపిన జాడే అది.

గోదారి_గట్టు
ఇరవై అయిదుకు పదకొండు కలిపితే ఏప్రిల్ 5. పన్ను సంవత్సరం మొదలయ్యేది 6న. ఇరవై రెండేళ్లలో ఒక రోజు ఎక్కడో జారిపోయినట్టుంది.

పాత_పత్రాలు
ఆ ఒక్క రోజు సంగతి వేరే చర్చలో పెట్టుకుందాం. ఇక్కడ అడిగింది వీలునామాల గురించి. యార్క్‌షైర్ వీలునామాలన్నీ యార్క్‌లోని బోర్త్విక్ అనే పాత పత్రాల సంస్థలో ఉంటాయి, అక్కడ వెతకండి.

సికింద్రాబాద్_మనవడు
అందరికీ నమస్కారం. మా తాతమ్మ తండ్రి ఇంగ్లండు నుంచి వచ్చిన సిపాయి. సికింద్రాబాదు కంటోన్మెంటులో పెళ్లి చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. మా దగ్గర ఉన్న కాగితంలో పుట్టిన చోటు "యార్క్‌షైర్" అని మాత్రమే ఉంది. యార్క్‌షైర్ అంటే ఎంత ఉందో పటం చూశాక నీరసం వచ్చింది. ఎవరైనా దారి చూపుతారా?

నార్తలర్టన్_నర్సు
సికింద్రాబాద్ తమ్ముడూ, చర్చి పద్దుల నకళ్లు మద్రాసు పరిధి కింద లండనుకు వెళ్లాయి, బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. కానీ నీకు కావలసింది అది కాదు. పింఛను పొందిన సిపాయి అయితే సైన్యం నుంచి విడుదలైన పత్రం లండనులో క్యూ అనే చోట ఉన్న జాతీయ ఆర్కైవ్స్‌లో ఉంటుంది. అందులో పుట్టిన పారిష్ (ఒక చర్చి కింద ఉండే ఊళ్ల పరిధి) రాస్తారు. ముందు అది వెతుకు.

ఇక పాత పత్రాలు గారూ, మన్నించాలి, మీరు ఆ అమ్మాయిని తప్పు ఊరికి పంపుతున్నారు. అప్పట్లో వీలునామాలు చూసేది చర్చి కోర్టులే, స్వేల్‌డేల్ రిచ్‌మండ్ ఆర్చిడీకనరీ అనే చర్చి పరిధి కిందిది. 1541 నుంచి అది చెస్టర్ బిషప్ పరిధి, 1836లో రిపన్ డయోసిస్ (వేరే బిషప్ పరిధి) వచ్చేదాకా. అందులో తూర్పు డీనరీల (చిన్న చర్చి విభాగాలు, స్వేల్‌డేల్ వీటిలోదే) వీలునామాలు లీడ్స్ ఆర్కైవ్స్‌లో, పడమటివి ప్రెస్టన్‌లో ఉన్నాయి. ఇదంతా 1858 జనవరికి ముందు మాట. ఆ తరువాత వీలునామాలు రుజువు చేసే ప్రొబేటు దేశమంతటికీ ఒకటే. నేను రెండు సెలవులు యార్క్‌లో పారేసుకుని నేర్చుకున్న పాఠం ఇది.

పాత_పత్రాలు
ఒకటి కంటే ఎక్కువ పరిధుల్లో ఆస్తి ఉన్నవాళ్ల వీలునామా యార్క్‌లోని పై చర్చి కోర్టుకే, ప్రిరాగటివ్ కోర్టుకే, వెళ్లేది. కాబట్టి నేను చెప్పింది తప్పు కాదు.

నార్తలర్టన్_నర్సు
సీసపు గనిలో కూలికి దిగినవాడికి ఎన్ని పరిధుల్లో ఆస్తి ఉంటుందండీ?

పాత_పత్రాలు
ఆ వెటకారం అవసరం లేదు.

డుబ్యూక్_తెలుగు
నేను అమెరికాలో అయోవా రాష్ట్రంలో ఉంటాను. మిస్సిసిపీ నది ఒడ్డున పాత సీసం ప్రాంతం ఇది. ఇక్కడి పాత శ్మశానాల్లో ఆల్డర్సన్, హార్కర్, మెట్‌కాఫ్, పీకాక్, అన్నీ మీ లోయ పేర్లే! స్వేల్‌డేల్ గనివాళ్లు చాలామంది ఇక్కడికీ, పక్కన విస్కాన్సిన్‌కూ వచ్చారు. మీ నలుగురు జాన్‌లలో ఒకరిద్దరు 1851 లెక్కల్లో కనిపించకపోతే చనిపోయారని కొట్టేయకండి, ఓడ ఎక్కి ఉండవచ్చు. నా దగ్గర నలభై రాళ్ల ఫొటోలు ఉన్నాయి, కావాలంటే పెడతాను.

లెక్కల_మాస్టారు
తిరిగి బాప్తిస్మం దగ్గరికి వస్తాను. జూన్ 9 నుంచి ఫిబ్రవరి 14 వరకు లెక్కపెడితే ఎనిమిది నెలల అయిదు రోజులు. నెల తక్కువ.

గోదారి_గట్టు
అంటే నేను మొదట చెప్పిందే! దాచండి.

నార్తలర్టన్_నర్సు
ఎనిమిదో నెల బిడ్డలను నా చేతులతో ఎందరిని ఎత్తుకున్నానో! అయినా ఆ రోజుల్లో నిశ్చయం కుదిరాక, పెళ్లికూతురు కడుపుతో చర్చికి రావడం అరుదేమీ కాదు. పెళ్లికాని తల్లి అయితే పారిష్ పెద్దలు వెంటపడి మరీ తండ్రి పేరు చెప్పించేవారు, బిడ్డ పోషణ పారిష్ నెత్తిన పడకూడదని. ఆ కాగితాలు దొరికితే మనలాంటి వాళ్లకు నిధి. సిగ్గుపడవలసిన పని ఏముంది?

గోదారి_గట్టు
మూడు వందల ఏళ్ల క్రితం పోయిన ఆడమనిషి గుట్టును ఫ్రేము కట్టించి గోడకు వేలాడదీయడం మీకు తగునేమో, నాకు తగదు.

లెక్కల_మాస్టారు
నేను వేలాడదీయమనలేదు, లెక్క చెప్పాను.

గోదారి_గట్టు
మీ లెక్క మిమ్మల్ని ఎవరు అడిగారు?

మోడరేటర్
ఇద్దరూ ఆపండి. అడిగిన ప్రశ్నకు రండి.

నార్తలర్టన్_నర్సు
సరే, నలుగురు జాన్‌ల సంగతి. 1841 లెక్కల్లో పదిహేను దాటినవాళ్ల వయసును ఇరవై, ఇరవై అయిదు, ముప్పై అని కింది అయిదు గుణిజానికి తగ్గించి రాశారు. ఇరవై తొమ్మిదేళ్లవాడు ఇరవై అయిదు అవుతాడు. బంధుత్వం రాయలేదు. పుట్టిన చోటు బదులు ఇదే కౌంటీనా (మన జిల్లాలాంటిది) కాదా అని ఒక అక్షరం. అందుకే నలుగురూ ఒకే మనిషిలా కనిపిస్తున్నారు. 1851కి దూకమ్మా. అసలు వయసు, పుట్టిన పారిష్, ఇంటి పెద్దకు ఏమవుతారో అన్నీ ఉంటాయి. అక్కడి నుంచి భార్య పేరు, పిల్లల పేర్లు పట్టుకుని వెనక్కి రా. 1837 జూలై తరువాత పుట్టిన పిల్లలుంటే ప్రభుత్వ జనన సూచికలో తల్లి పుట్టింటి పేరు దొరుకుతుంది. జాన్‌ను వదిలేసి ఆమెను వెతుకు.

లోయలో వాళ్లకే ఈ తికమక తప్పలేదు. అందుకే మారుపేర్లు పెట్టుకున్నారు. తాత పేరు, తండ్రి పేరు, తన పేరు దండలా గుచ్చి పిలిచేవారు. పాత జాబితాల్లో కూడా ఆ మారుపేర్లు కనిపిస్తాయి. మా ఊళ్లో పొడుగు సుబ్బయ్య, సైకిల్ సుబ్బయ్య ఉన్నట్టు. మీ అత్తగారిని అడుగు, వాళ్ల ఇంటికి ఏ మారుపేరు ఉండేదో. ఏ రికార్డు ఆఫీసులోనూ దొరకని సమాధానం ఆవిడ నోట్లో ఉండవచ్చు.

బాప్తిస్మాలు మ్యూకర్ చర్చిలో లేకపోతే కంగారుపడకు. గన్నర్‌సైడ్ చుట్టుపక్కల మెథడిస్టులు, కెల్డ్‌లో, "లో రో" అనే ఊళ్లో ఇండిపెండెంట్లు, అందరూ అధికారిక చర్చి నుంచి వేరుపడిన క్రైస్తవ శాఖలవాళ్లు. పిల్లలకు తమ చాపెల్‌లో బాప్తిస్మం, పెళ్లికి మాత్రం 1754 నుంచి 1837 దాకా చట్టం ప్రకారం చర్చికి రావలసిందే. క్వేకర్లనే మరో శాఖవాళ్లకు, యూదులకు తప్ప.

సికింద్రాబాద్_మనవడు
అక్కా, నమస్కారం! విడుదల పత్రం దొరికింది. పారిష్ గ్రింటన్ అని ఉంది. అది ఎక్కడ?

నార్తలర్టన్_నర్సు
అదే లోయ తమ్ముడూ! ఒకప్పుడు లోయ పైభాగమంతా గ్రింటన్ పారిషే. 1580లో మ్యూకర్‌లో చర్చి వచ్చేదాకా కెల్డ్‌లో చనిపోయిన మనిషిని వెదురుబుట్టలాంటి అల్లిక పెట్టెలో పెట్టి, భుజాల మీద గ్రింటన్ దాకా మోసుకెళ్లేవారు. ఆ బాటను ఇప్పటికీ శవాల దారి అనే పిలుస్తారు. నేను నడిచాను, ఎండాకాలంలో, చేతులు ఊపుకుంటూ. అయినా మోకాళ్లు పోయాయి.

పాత_పత్రాలు
ఇంగ్లండులో వెదురు లేదు. అది విల్లో కొమ్మల అల్లిక.

నార్తలర్టన్_నర్సు
"లాంటి" అన్నానండీ.

డేల్స్_కోడలు
మూడు వారాల తరువాత వస్తున్నాను, క్షమించాలి. 1851 కిటుకు పనిచేసింది. మన జాన్ భార్య పుట్టింటి పేరు పీకాక్. మిగిలిన ముగ్గురూ రాలిపోయారు. లీడ్స్ నుంచి ఒక వీలునామా నకలు కూడా వచ్చింది, నర్సు అక్కకు దండాలు. కానీ ఒక వాక్యం అర్థం కావడం లేదు. కిస్‌డన్ కొండ మీద ఉన్న రెండు "క్యాటిల్ గేట్లు" పెద్ద కొడుక్కి రాశాడు. ఇంత పేదవాడు వీలునామాలో ఇనుప గేట్లు పంచాడా? మా వారు ఇప్పటికీ వెళ్లి ఆ గేట్ల కోసం వెతుకుదామంటున్నారు.

లెక్కల_మాస్టారు
ఇనుము ఖరీదైన రోజులు మరి.

నార్తలర్టన్_నర్సు
అయ్యో, వెళ్లకండి! అక్కడి మాటలో గేట్ అంటే ఉమ్మడి బీడులో ఒక పశువును మేపుకునే హక్కు. రెండు గేట్లంటే రెండు ఆవులు. అమ్ముకోవచ్చు, అద్దెకు ఇచ్చుకోవచ్చు, కొడుక్కి రాయవచ్చు. గని కూలి మీద మాత్రమే బతికినవాళ్లు తక్కువ, ఇంటికో ఆవు, కాసిని గొర్రెలు ఉండేవి. దశమభాగం పటం కూడా ఇలాగే చదవాలి. 1836 చట్టం తరువాత గీసినవి అవి. పటంలో ప్రతి చేనుకూ ఒక నంబరు, పక్కన జాబితాలో ఆ నంబరుకు యజమాని, సాగుదారు, చేను పేరు, విస్తీర్ణం. మన అడంగల్ అనుకో. నంబరు పట్టుకుంటే ఇల్లు దొరుకుతుంది.

గోదారి_గట్టు
ఇంతకీ అత్తగారికి ఆ తేదీలు చూపించారా?

డేల్స్_కోడలు
చూపించాను. మారుపేరు అడుగుదామని వెళ్లి, కాగితం బల్ల మీద మరచిపోయాను, ఆవిడే చదివేశారు. కళ్లజోడు సర్దుకుని వేళ్ల మీద లెక్కపెట్టారు. "ఎనిమిది నెలలా? మీ మామగారూ నేనూ ఏడింటికే కన్నాం" అన్నారు. మా వారు ఇంటికి పెద్ద కొడుకు. లేచి టీ పెట్టడానికి వెళ్లిపోయారు, చాలాసేపు రాలేదు.

మారుపేరు మాత్రం చెప్పలేదు. అది బయటివాళ్లకు చెప్పేది కాదట. పదకొండేళ్లుగా కోడలిని.

డీఎన్ఏ పరీక్ష గురించి ఎవరూ చెప్పలేదు. చేయించాలా వద్దా?

డుబ్యూక్_తెలుగు
నలభై ఫొటోలు పెడతానన్నాను, ఒక్కరైనా ఊఁ అనలేదు. అందులో ఒక రాయి మీద "మ్యూకర్, యార్క్‌షైర్" అని స్పష్టంగా చెక్కి ఉంది. భార్య పీకాక్.