లేని మినహాయింపు రాయమంటే రాసేయాలా? ఆదాయపన్ను రిటర్నులు వేసేవాళ్లూ, వేయించుకునేవాళ్లూ చెప్పండి

పర్లాకిమిడి_పన్నుపని:
చవితి వెళ్లిపోయింది. సెప్టెంబర్ 15 గడువుకి ఇంకా పది రోజులే ఉంది. ఏటా జులై 31తో ఊపిరి పీల్చుకునేవాళ్లం. ఈ 2025లో గడువు పెంచారు గానీ ఐటీఆర్ 2, 3 ఫారాలు జులైలో గానీ పోర్టల్‌లోకి రాలేదు. దాంతో పనంతా ఒక్కసారి మీద పడింది. పొద్దున ఎనిమిదికి కొట్టు తెరిస్తే రాత్రి పదకొండు దాటుతోంది. సగం మంది తెలుగువాళ్లు, సగం మంది ఒడియావాళ్లు, పాతపట్నం నుంచి వచ్చేవాళ్లు కొందరు.

పని ఎక్కువైనందుకు నాకు బాధ లేదు. నా బాధ వేరే. మొన్న ఆదివారం ఒక టీచర్ గారు వచ్చారు. జీతం 9 లక్షలు. నిజంగా ఉన్నది పీఎఫ్, ఎల్‌ఐసీ కలిపి లక్షన్నర, అంతే. రేట్లు తక్కువ, మినహాయింపులు దాదాపు లేని కొత్త విధానంలో వేస్తే ఆయన పన్ను 33,800. అది జీతంలోనే పట్టేశారు, కాబట్టి రిఫండ్ ఏమీ రాదు. ఆయనేమో, "పక్క వీధిలో మొత్తం వెనక్కి తెప్పిస్తామంటున్నారు, మీరెందుకు చేయరు" అని అడిగారు. ఎలా తెప్పిస్తారో నాకు తెలుసు. మినహాయింపులు ఉండే పాత విధానం ఎంచుకుని, రాజకీయ పార్టీకి చందా ఇచ్చినట్టు 80జీజీసీ కింద దాదాపు రెండు లక్షలు రాస్తారు. ఆదాయం 5 లక్షల లోపుకి దిగితే పన్ను సున్నా. వచ్చిన రిఫండ్‌లో పది శాతం కమిషన్.

నేను చేయనన్నాను. ఆయన లేచి వెళ్లిపోయారు. ఇరవై ఏళ్ల పరిచయం. మా పెద్దమ్మాయికి పాఠం చెప్పిన మాస్టారు. నేను చేసింది సరైనదేనా అని రాత్రంతా ఆలోచించాను. మీరేమంటారు?

రాయగడ_కంప్యూటర్_సెంటర్:
అన్నయ్యా, మీ మాట మీద గౌరవం ఉంది గానీ ఒప్పుకోను. మనం ఆడిటర్లం కాదు. కస్టమర్ చెప్పింది ఎక్కిస్తాం, ఓటీపీ ఆయన ఫోన్‌కే వస్తుంది, వెరిఫై చేసేదీ ఆయనే. రిటర్న్‌లో ఉన్నదంతా నిజమని ఒప్పుకునేది ఆయన, మనం కాదు. చందా ఇచ్చానంటే రసీదు ఏదని నిలదీసే అధికారం నాకెవరిచ్చారు?

ఇంకో సంగతి. ఈ మూడు నెలల సంపాదనతోనే నాకు ఏడాది గడవాలి. మిగతా రోజుల్లో జిరాక్సులు, రైలు టికెట్లు. నేను కాదంటే ఆ కస్టమర్ ఇంకో కొట్టుకి వెళ్తాడు, పనీ అవుతుంది, నష్టపోయేది నేనొక్కడినే.

గుణుపురం_మాస్టారు:
ఇది నేను చెప్పాలి, ఎందుకంటే ఆ పక్క వీధికి వెళ్లినవాడిని నేను.

పోయిన ఏడాది మా స్కూల్లో ఆరుగురం ఒకే మనిషి దగ్గర వేయించుకున్నాం. నాకు 28 వేలు రిఫండ్ వచ్చింది, 2,800 ఆయనకిచ్చాను. ఏం రాశాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నా ప్రొఫైల్‌లో ఈమెయిల్ కూడా ఆయనదే పెట్టాడని తరవాత తెలిసింది. ఆదాయపన్ను శాఖ పంపినవన్నీ ఆ మెయిల్‌కే వెళ్లాయి, నేనొక్కటీ చూడలేదు. ఈ వేసవిలో ఫోన్‌కి మెసేజ్ వస్తే గుండె జారిపోయింది. ఆయన ఫోన్ స్విచాఫ్. చివరికి గడువు దాటాక తప్పు సరిచేసుకునే అప్‌డేటెడ్ రిటర్న్ వేసి, వచ్చిన 28 వేలు, వడ్డీ, ఆ రెండింటి మీద 25 శాతం అదనపు పన్ను కలిపి దాదాపు 39 వేలు కట్టాను. మా ఆవిడకి చెప్పడానికి వారం పట్టింది.

రాయగడ బాబూ, వెరిఫై చేసేది కస్టమరే అన్నారు. నిజమే. కానీ ఏ నంబర్ దేనికో నాకు తెలియదు కాబట్టే కదా మీ దగ్గరకి వచ్చేది? ఓటీపీ చెప్పమన్నారు, చెప్పాను.

బరంపురం_ఆర్టికల్:
నేను సీఏ ఆఫీసులో ఆర్టికల్‌షిప్ (శిక్షణ) చేస్తున్నాను. "కస్టమర్ చెప్పింది ఎక్కిస్తాం" అనే వాదన ఇక నడవదు. ఈ జులై 14న శాఖ దేశంలో 150 చోట్ల సోదాలు చేసింది. ఇలాంటి రిటర్నులు గంపగుత్తగా వేసేవాళ్లు, మధ్యవర్తుల మీదే. అంతకుముందు నాలుగు నెలల్లో దాదాపు 40 వేల మంది రిటర్నులు సరిచేసుకుని, 1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వదులుకున్నారని శాఖే ప్రకటించింది. మాస్టారు చెప్పిన ఈమెయిల్ పద్ధతి కూడా ఆ ప్రకటనలో ఉంది.

ఈ ఏడాది ఫారాలు కూడా మారాయి. పొదుపుల మినహాయింపు 80సీకి పాలసీ నంబర్, ఆరోగ్య బీమా, వైద్య ఖర్చుల మినహాయింపు 80డీకి బీమా కంపెనీ పేరు అడుగుతున్నాయి. ఊరికే అంకె వేసి దాటిపోవడం కుదరదు.

కమిషన్ విషయం. కొన్ని మినహాయింపులు పక్కన పెడితే, ఫలితాన్ని బట్టి ఫీజు తీసుకోవడం సీఏలకు 1949 నాటి చట్టం ప్రకారమే తప్పు. సీఏ కానివాళ్లకి ఆ చట్టం వర్తించదు, కానీ ఎందుకు తప్పన్నారో ఆలోచించండి. రిఫండ్ ఎంత పెరిగితే మీ వాటా అంత పెరుగుతుంది. అలాంటప్పుడు కస్టమర్ అడగకపోయినా చెయ్యి అటే వెళ్తుంది.

కోరాపుట్_ఉద్యోగి:
మధ్యలో ఒక మాట అడుగుతాను. మేం ఎస్టీలం, మాది రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద గిరిజన ప్రాంతంగా ఉన్న జిల్లా. ఎస్టీలకి పన్నే లేదు, సెక్షన్ 10(26) రాస్తే చాలని ఇక్కడ ఒకరు చెబుతున్నారు. నిజమా?

పర్లాకిమిడి_పన్నుపని:
కాదండీ, దయచేసి వేయించుకోకండి. ఆ సెక్షన్ ఈశాన్య రాష్ట్రాల్లో చెప్పిన ప్రాంతాలకి, లద్దాఖ్‌కి మాత్రమే. అక్కడ ఉండే ఎస్టీలకి అక్కడ వచ్చే ఆదాయం మీద. అది ముఖ్యంగా రాజ్యాంగం ఆరో షెడ్యూల్ ప్రాంతాలను చూసి పెట్టింది. ఒడిశాలోని ఐదో షెడ్యూల్ ప్రాంతాలు అందులో లేవు. మా దగ్గరికి వచ్చే సవర టీచర్లు కూడా ఇదే అడుగుతారు. "లేదు ఆజ్ఞా" (ఒడియాలో 'అయ్యా') అని చెప్పడం నాకూ కష్టంగానే ఉంటుంది.

రాయగడ_కంప్యూటర్_సెంటర్:
పార్టీ చందాల సంగతి వదిలేస్తాను. మాస్టారు చెప్పింది చదివాక దాని మీద వాదించలేను. కానీ దీనికి జవాబు చెప్పండి అన్నయ్యా. పోయిన నెల ఒకాయన వచ్చాడు. తల్లికి డెబ్బై రెండేళ్లు, బీమా లేదు. విశాఖ తీసుకెళ్లి మూడు నెలలు వైద్యం చేయించాడు. లక్ష దాకా అయింది, అంతా నగదే. అది లేని ఖర్చు కాదు, కళ్ల ముందు చేసిన ఖర్చు. 80డీ కింద 50 వేలు రాశాను. ఇదీ మోసమేనా? రాయగడలో పెద్ద వైద్యం దొరకదు, జనం రైలెక్కి విశాఖ వెళ్తారు, ఇంటి నుంచి డబ్బు మూట కట్టుకుని వెళ్తారు. చట్టం రాసినవాళ్లకి ఈ ప్రాంతం తెలుసా?

పర్లాకిమిడి_పన్నుపని:
తమ్ముడూ, దీనికే నా దగ్గర గట్టి జవాబు లేదు. నీ కస్టమర్ మోసగాడు కాదు. అరవై దాటి బీమా లేనివాళ్ల వైద్యానికి 50 వేల దాకా ఇస్తారు, కానీ ఆ డబ్బు నగదు రూపంలో ఇచ్చి ఉండకూడదని చట్టం. ఈ నిబంధన మనలాంటి చోట అన్యాయంగా పడుతుందని నేనూ అనుకుంటాను. అయినా రాయను. రేపు అడిగితే బిల్లు ఉన్నా, చెల్లింపు రుజువు ఉండదు. ఆ మనిషి తల్లి మందులకే అప్పు చేసి ఉంటాడు, దాని మీద ఇంకో దెబ్బ ఎందుకు? నేను చేసేది ఒకటే. ఏప్రిల్‌లోనే పాత కస్టమర్లకి ఫోన్ చేసి, ఇంట్లో పెద్దవాళ్ల మందులు ఫోన్‌పే ద్వారా కొనండి, ఆసుపత్రికి కార్డుతో కట్టండి అని చెబుతాను. ఏటా ఇద్దరు ముగ్గురు వింటారు.

మీరు అసలు లెక్క చూడండి. నేను మొదట చెప్పిన టీచర్ గారిదే. పాత విధానంలో దొంగ చందా రాసి, తరవాత పట్టుబడితే ఆయన పన్ను 33,800 కాదు, పాత విధానం ప్రకారం, వృత్తి పన్ను 2,500 కూడా తీసేశాక, 54,080. తప్పుగా చూపించారని తేలితే జరిమానా ఆ పన్నుకి 200 శాతం, అంటే 1,08,160. వడ్డీ వేరు. కమిషన్ తీసుకున్న మనిషి ఇందులో ఒక్క రూపాయి కట్టడు.

రాయగడ_కంప్యూటర్_సెంటర్:
పాత విధానం పన్ను పడుతుందన్నది నేను ఆలోచించలేదు. శాతం లెక్కన తీసుకోవడం ఈ ఏడాది నుంచి మానేస్తాను, ఫారానికి ఇంత అని పెడతాను. నగదు వైద్యం మీద మాత్రం నా మనసు మారలేదు.

గుణుపురం_మాస్టారు:
ఆ ఒక్కదానికీ కస్టమర్‌తో ముందే చెప్పండి బాబూ. రాస్తే ఏమవుతుందో చెప్పి, ఆయన్నే తేల్చుకోమనండి. మాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

పర్లాకిమిడి_పన్నుపని:
మాస్టారు అన్నది నేనూ పాటిస్తాను, వద్దన్నప్పుడు కూడా కారణం కూర్చోబెట్టి చెప్పాలి. ఆదివారం నేను హడావుడిలో "కుదరదండీ" అని ఊరుకున్నాను. వరసలో పదిమంది ఉన్నారు, ఇంకొకాయన పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటే బ్యాంకులో ఒక్క అక్షరమే ఉండి రిఫండ్ ఆగిపోయింది, దాని గొడవలో ఉన్నాను. ఈ లెక్క అప్పుడే కాగితం మీద వేసి చూపించాల్సింది.

ఇది చదివేవాళ్లలో ఈ ఏడాది ఇప్పటికే అలా వేయించుకున్నవాళ్లు ఉంటే, 15లోపు రివైజ్డ్ (సవరించిన) రిటర్న్ వేసి కొత్త విధానంలోకి మారండి. 2025 డిసెంబర్ 31 దాకా రివైజ్డ్ వేయొచ్చు గానీ అంతవరకు ఆగకండి. ముందు పోర్టల్‌లో మీ ఈమెయిల్, ఫోన్ నంబర్ మీవేనా చూసుకోండి. నా కొట్టుకి వస్తే ఈ పనికి డబ్బు తీసుకోను. ఆదివారం లేచి వెళ్లిపోయిన మా మాస్టారి ఇంటికి రేపు పొద్దున్నే కొట్టు తెరవకముందు నేనే వెళ్తున్నాను.