ఏడో తరగతికి వచ్చాక కథల పుస్తకాలు వదిలేసింది. మీ బడి రోజుల్లో ఎలా ఉండేది?

గోదారిగట్టు_అమ్మ
మా అమ్మాయి ఏడో తరగతి. ఐదో తరగతి దాకా రాత్రి ఒక కథ చదవందే పడుకునేది కాదు. పోయిన వేసవి నుంచి పుస్తకం ముట్టడం లేదు. అందరూ ఫోన్ వల్లే అంటున్నారు గానీ నాకలా అనిపించట్లేదు. మొన్న పాత కథల పుస్తకం చేతికిస్తే "ఇవి చిన్నపిల్లలవమ్మా" అంది. సరేనని నా బీరువాలోంచి ఒక నవల ఇచ్చాను. పది పేజీలు చదివి "ఇందులో అందరూ పెళ్లిళ్ల గురించే మాట్లాడుకుంటున్నారు" అని పక్కన పెట్టేసింది. రెండు మాటలూ నిజమే. ఈ రెంటికీ మధ్య దానికి ఏం ఇవ్వాలో తోచడం లేదు. మీరు ఏ తరగతిలో ఏం చదివేవారు, ఎక్కడ మారారు, ఎక్కడ ఆపేశారు? కాస్త వివరంగా రాయండి.

తెనాలి_తాతయ్య
నేను 1973లో ఒకటో తరగతిలో చేరాను. అందరిలాగే చందమామతోనే మొదలు. ఆ పత్రిక 1947 జులైలో మొదలైంది కాబట్టి మా నాన్న కూడా చిన్నప్పుడు చదివినవాడే, ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. రెండో తరగతిలో బొమ్మలు చూసేవాణ్ణి. నాలుగుకి వచ్చేసరికి పత్రిక రాగానే ముందు సీరియలే, బేతాళ కథ తర్వాత. ఏడో తరగతిలో ఒక నెల సీరియల్ చదవడం మర్చిపోయాను. మర్చిపోయానన్న సంగతి కూడా వచ్చే నెల పత్రిక వచ్చాకే తెలిసింది. ఆ రోజు ఎందుకో దిగులేసింది.

అప్పుడు మా అమ్మ కట్టలు తీశాను. ఆవిడ వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు విడదీసి దాచి, నవల అయిపోయాక దబ్బనంతో కుట్టి, పైన పాత కేలండరు అట్ట వేసేది. పేజీ వెనకాల సబ్బు ప్రకటనో, ఇంకేదో కథ సగమో ఉండేది. ఆ సగం కథలూ వదిలేవాణ్ణి కాదు. ఒక కట్టలో పదకొండో వారం లేదు. పక్కింటివాళ్లు పత్రిక పట్టుకెళ్లి తిరిగివ్వలేదట. పదో వారం చివర ఒకమ్మాయి రాత్రిపూట పెట్టె పట్టుకుని రైలెక్కింది, పన్నెండో వారం మొదట్లో ఆసుపత్రిలో ఉంది. మధ్యలో ఏం జరిగుంటుందో నేనూ మా అక్కా నెల రోజులు వాదించుకున్నాం.

మీ అమ్మాయి చెప్పిన పెళ్లి మాటలన్నీ నేనూ దాటేసేవాణ్ణమ్మా. ఎవరో ఇల్లు వదిలిపోయే చోట మాత్రం ఆగి చదివేవాణ్ణి.

బెజవాడ_76
మధ్యలో ఏం ఇవ్వాలి అన్నారు చూడండి, నాకు ఆ మధ్యలోవి దొరికాయి. మా ఊరికి విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను వచ్చేది. అందులో మాస్కోలో తెలుగులో అచ్చయిన రష్యన్ పుస్తకాలు ఉండేవి. గట్టి అట్ట, నున్నటి కాగితం, మా నాన్న జేబులో చిల్లరకి కూడా అందే ధర. ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా అవే చదివాను. వాటిలో కథానాయకులకి పన్నెండేళ్లో పదమూడేళ్లో ఉండేవి. అటు రాకుమారులూ కాదు, ఇటు పెళ్లీడు వాళ్లూ కాదు. తండ్రి యుద్ధానికి పోతే ఇల్లు చూసుకునే పిల్లాడు, స్నేహితుడితో పోట్లాడి వారం రోజులు మాట్లాడని పిల్లాడు. సమోవార్ అంటే ఏంటో తెలియక టీ కాచుకునే బిందె అనుకున్నాను. మంచు ఎప్పుడూ చూడలేదు. అయినా ఆ పిల్లాడు నాకు తెలిసినవాడే.

1991లో సోవియట్ యూనియన్ పోయింది, ఆ పుస్తకాలూ ఆగిపోయాయి. నా తర్వాత నాలుగేళ్లకి ఆ వయసుకొచ్చిన మా తమ్ముడికి అవి లేవు. చందమామ నుంచి నేరుగా డిటెక్టివ్ నవలల్లోకి దూకాడు. ఆ రష్యన్ పుస్తకాల్లో కొన్నింటిని సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్లు మళ్లీ వేశారు. ముందు అక్కడ చూడండి.

పాత_అద్దెపుస్తకాలు
డిటెక్టివ్ నవలల్ని తక్కువ చేయకండి అన్నా. మా వీధి అద్దె పుస్తకాల షాపులో పది రూపాయలు డిపాజిట్, రోజుకి అర్ధరూపాయి అద్దె. రెండో రోజు అద్దె పడకూడదని రాత్రికి రాత్రే నవల ముగించేవాణ్ణి. ఇవాళ ఆఫీసులో వంద పేజీల ఫైలైనా ఒక్క కూర్చోవడంలో చదివేస్తానంటే ఆ అర్ధరూపాయి వల్లే.

ఇందూరు_పిల్ల
నేను డిగ్రీ రెండో సంవత్సరం. మా చెల్లె తొమ్మిదో తరగతి, పుస్తకం ముట్టదు. కానీ ప్రతిలిపి అనే కథల యాప్‌ల భాగాలు భాగాలుగా వచ్చే కథలు రోజూ చదువుతది. తర్వాతి భాగం ఎప్పుడొస్తదా అని పొద్దున లేవంగనే చూస్తది. తాతయ్య చెప్పిన వారపత్రిక సీరియల్ కూడా గిట్లనే ఉండె గద? ఇంట్ల మాత్రం అది ఫోన్ చూసుడే అంటరు, చదువుడు అనరు. నాకైతే బాధైతది.

హాస్టల్_2009
నాది వేరే కథ. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా రెసిడెన్షియల్. పొద్దున ఐదున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు. సిలబస్‌లో లేని పుస్తకం కనిపిస్తే వార్డెన్ తీసేసుకునేవారు. నాది తీసుకున్నది మా అక్క పుట్టినరోజుకి కొనిచ్చిన పుస్తకం, తిరిగి రాలేదు. మా అమ్మ నెలకోసారి పచ్చడి సీసా పంపేది, ఆదివారం పేపరు అనుబంధంలో చుట్టి. నూనె పీల్చుకుని కాగితం అద్దంలా అయ్యేది, రెండు వైపుల అక్షరాలూ కలిసిపోయేవి. దాన్ని ట్యూబులైటు కిందకి పట్టుకుని కథ చదివేవాణ్ణి. అభిరుచి మారింది అంటున్నారు అందరూ. నాది మారలేదు, ఆపేశారు. మళ్లీ మొదలుపెట్టడానికి ఇరవై ఆరేళ్లు వచ్చాయి. ఇప్పటికీ నాలుగు పేజీలు తిరగేసరికి ఏదో తప్పు చేస్తున్నట్టు తలుపు వైపు చూస్తాను.

సీమ_టీచరు
అనంతపురం వైపు ప్రభుత్వ హైస్కూల్లో పదకొండేళ్లుగా తెలుగు చెప్తున్నాను. మేడం, మీ అమ్మాయి లాంటివాళ్లు మా బడిలో ప్రతి సంవత్సరం కనిపిస్తారు.

మొదట్లో మా బడి పుస్తకాల బీరువాకి ఎప్పుడూ తాళమే. చిరిగితే ఎవరు కట్టాలని భయం. 2020లో పిల్లల చేత పుస్తకాలు చదివించడానికి ప్రభుత్వం పెట్టిన ‘చదవడం మాకిష్టం’ కార్యక్రమం వచ్చాక లైబ్రరీ పీరియడ్ గట్టిగా పట్టుకున్నాను, తాళం తీశాను. ఆ రోజు నుంచి ఎవరు ఏం తీసుకెళ్లారో రిజిస్టరు రాస్తున్నా. ఆరో తరగతివాళ్లు బొమ్మలు చూసి తీసుకుంటారు. ఏడు మధ్యకొచ్చేసరికి పలచటి పుస్తకం చేతిలో ఉంటే సిగ్గు. లావుది తీసుకుంటారు, చదవకుండానే తిరిగిస్తారు. ఎనిమిదిలో మగపిల్లల పేర్లు రిజిస్టరులోంచి దాదాపు మాయం. తొమ్మిదిలో దయ్యాల కథలు, లేకపోతే క్రికెటర్ల జీవితాలు. పదిలో ఏమీ ఉండదు, పబ్లిక్ పరీక్షలు.

ఒక పిల్లాడి సంగతి చెప్తాను. ఎనిమిదో తరగతి. లావుపాటి భారతం తీసుకుని చివరి బెంచీలో కూర్చునేవాడు. ఒకరోజు వెనక నుంచి చూస్తే దాని లోపల మూడో తరగతి కథల పుస్తకం. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతున్నాడు. ఒత్తు వచ్చిన చోటల్లా వేలు ఆగుతోంది. కథలు వద్దనుకున్న పిల్లాడు కాదు వాడు. చదవగలిగేదేమో చిన్నపిల్లలది, వయసుకి తగిందేమో చదవలేడు. నేను ఏమీ అనలేదు. మా ఆవరణలోనే ప్రాథమిక బడి ఉంది. శనివారాలు రెండో తరగతికి కథ చదివి వినిపించే పని వాడికి అప్పజెప్పాను. ఇక ఆ చిన్న పుస్తకాలు అందరి ముందూ పట్టుకోవచ్చు. శుక్రవారం ఇంటికి తీసుకెళ్లి గట్టిగా చదువుకుని వచ్చేవాడు. సంవత్సరం చివరికి భారతంలో ఏకలవ్యుడి దగ్గరకొచ్చి, "మేడం, బొటనవేలు నిజంగా ఇచ్చేశాడా?" అని అడిగాడు. చాలా కోపంగా అడిగాడు.

కాబట్టి మేడం, పుస్తకం మార్చే ముందు అమ్మాయి చేత ఒక పేజీ పైకి చదివించి చూడండి. ఇంగ్లీషు మీడియం అయితే మరీ ముఖ్యం. కథ నచ్చలేదని చెప్పడం వాళ్లకి తేలిక, చదవలేకపోతున్నానని చెప్పడం కష్టం. తడబడితే మీరు ఒక పేజీ, తను ఒక పేజీ. తడబడకపోతే బెజవాడ సార్ చెప్పినవి తెప్పించండి.

గోదారిగట్టు_అమ్మ
మేడం, మీరన్నట్టే చదివించాను. ఇంగ్లీషు మీడియమే. సంయుక్తాక్షరం దగ్గర ఆగుతోంది, ఆగిన ప్రతిసారీ నా మొహం చూస్తోంది. ఇన్నాళ్లూ నేనిది గమనించనే లేదు. నిన్న రాత్రి మీరందరూ రాసిందే తెరిచి, ఒకళ్లది నేను, ఒకళ్లది తను చదువుకున్నాం. తాతయ్యగారిది తన వంతుకి వచ్చింది. రైలెక్కినమ్మాయి నవల పేరేంటో అడగమంటోంది.

తెనాలి_తాతయ్య
పేరు తెలియదమ్మా, మొదటి పేజీ ఎప్పుడో ఊడిపోయింది. కట్ట మా అక్క దగ్గరుంది. ఆదివారం వెళ్తున్నాను, పదో వారం పేజీలు ఫోటో తీసి పంపుతాను. పన్నెండో వారం వెంటనే పంపను. రైల్లో ఏమైందో ముందు మీ అమ్మాయినే రాయమను.