ఎంహెచ్ 370: కెప్టెనే ముంచాడా?

కడప నుంచి:
2014 మార్చి 8న కౌలాలంపూర్ నుంచి బీజింగ్ బయలుదేరి 239 మందితో మాయమైన మలేసియా విమానం ఎంహెచ్ 370 గురించి ఇంకా అనుమానం దేనికి? కెప్టెన్ ఇంట్లోని సిమ్యులేటర్‌లో (విమానం నడపడాన్ని అనుకరించే కంప్యూటర్ ఆటలో) దక్షిణ హిందూ మహాసముద్రం వైపు వెళ్లే దారి దొరికింది. ఇది ఆయన పనే.

అనంతపురం నుంచి:
సముద్రంలో పడితే ఇన్నేళ్లకైనా దొరకదా? హిందూ మహాసముద్రంలో అమెరికా సైనిక స్థావరం ఉన్న డీగో గార్సియా దీవిలో దించేసి ఉంటారు.

కర్నూలు నుంచి:
అనంతపురం అన్నా, 2015 జులైలో హిందూ మహాసముద్రంలోని ఫ్రాన్స్ దీవి రీయూనియన్‌కు కొట్టుకొచ్చిన రెక్క భాగం ఆ విమానానిదేనని ఫ్రాన్స్ అధికారులు నిర్ధారించారు. దీవిలో దిగిన విమానం రెక్క సముద్రంలో ఎలా తేలుతుంది? ఇక దొరకకపోవడం అంటారా, 2016లో తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళుతూ 29 మందితో గల్లంతైన మన వాయుసేన ఏఎన్-32 విమానం శకలాలు 2024 జనవరిలో కదా బయటపడ్డాయి! అదీ చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున. ఎంహెచ్ 370 ఎక్కడ పడిందో ఆ మాత్రం కూడా తెలియదు. రాడార్ నుంచి తప్పుకున్నాక దాదాపు గంటకోసారి ఉపగ్రహానికి అందిన సంకేతాలను బట్టి విమానం ఆ ఉపగ్రహానికి ఎంత దూరంలో ఉందో తెలిసింది, ఎక్కడుందో తెలియలేదు. అందుకే పటం మీద వేల కిలోమీటర్ల వంపు గీత మిగిలింది. ఆ గీత వెంట 1,20,000 చదరపు కిలోమీటర్లు జల్లెడ పట్టి 2017లో ఆపేశారు.

2009 సెప్టెంబరు 2న రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కనబడకుండా పోయినప్పుడు మనం ఎన్ని విన్నాం! క్షేమంగా దిగారన్నారు, రోడ్డు దారిన కర్నూలు వస్తున్నారన్నారు. మరునాడు పావురాలగుట్ట మీద శకలాలు కనిపించాయి. ఆ ఒక్క రాత్రి ఆశపెట్టిన మాటలే అంత బాధించాయి. ఆ 239 ఇళ్లవాళ్లు ఏళ్ల తరబడి వింటున్నారు.

కడప నుంచి:
దీవి మాట వదిలేయండి. బీజింగ్ దారిలో ఉన్న విమానాన్ని వెనక్కి తిప్పింది ఎవరు?

కర్నూలు నుంచి:
మనిషే. ఆటోపైలట్ కాదనీ, చేత్తోనే తిప్పి ఉండాలనీ 2018 నాటి మలేసియా నివేదిక చెబుతోంది. కానీ ఎవరి చెయ్యో చెప్పలేదు. బయటివాళ్ల జోక్యాన్ని తోసిపుచ్చలేమని కూడా రాసింది. సిమ్యులేటర్‌లో ఆటకు సంబంధించినవి తప్ప అసాధారణమైనవేవీ లేవన్న పోలీసుల మాట కూడా అందులోనే ఉంది. మీ అనుమానం నిజం కావచ్చు. అయినా బదులు చెప్పుకోలేని మనిషిని 238 మంది హంతకుడని తీర్పు చెప్పడానికి అది చాలదు, నేను ఒప్పుకోను. సిమ్యులేటర్ కాక మరో ఆధారం ఉంటే ఇక్కడ పెట్టండి, చదువుతాను.