చుంచు పక్క గ్రంథి స్లైడులో అన్నీ ఖాళీ గదులే, ఎందుకు?

పెన్నాగట్టు:
కందుకూరు వైపు ధాన్యం గోడౌన్‌లో ఎలుకల బోనులో చచ్చిన మగ చుంచు అది. వాసన గ్రంథి చూద్దామని డొక్క పక్క చర్మం కోసి, ఫార్మలిన్‌లో వేసి, పారాఫిన్ (మైనం) బ్లాక్ చేసి హెచ్ అండ్ ఇ (హెమటాక్సిలిన్, ఇయోసిన్) రంగు వేశాం. కణాలన్నీ తేనెపట్టులా ఖాళీ. ముక్క కూడా చుట్టచుట్టుకుపోయింది, ఒక్క నాళమూ పొడుగునా తెగలేదు. కుళ్ళిందా, మా చేతి తప్పా?

మైక్రోటోమ్:
ఖాళీలుంటే కుళ్ళినట్టు కాదు. సెబేషియస్ (చర్మపు నూనె గ్రంథి) కణం నిండా కొవ్వే గదా, పారాఫిన్ ఎక్కించే ముందు వాడే ఆల్కహాలూ జైలీనూ దాన్ని కడిగేస్తాయి. అంచున చిన్న చదును కణాలు, లోపలికి పోయేకొద్దీ ఉబ్బినవి, నడుమ ముడుచుకున్న కేంద్రకం, చివర కణమే పగిలి స్రావం కావడం: ఈ వరస కనబడితే స్లైడు బాగున్నట్టే. కేంద్రకాలకు రంగు పట్టక, కణాలు అడుగు పొర నుంచి ఊడి ఉంటేనే కుళ్ళినట్టు. మే నెల నెల్లూరు ఎండలో బోనులో చచ్చినదాన్ని పొద్దున్నే తీయకపోతే ఆశ వదులుకోండి.

చుట్టుకోవడం మాత్రం మీ తప్పే. ముందుకాలికీ వెనకకాలికీ నడుమ, పొట్టి బిరుసు వెంట్రుకలున్న చోటు గ్రంథి. వెంట్రుకలు కత్తెరతో కురచ చేయండి. రేజరు వద్దు, పైచర్మం గీరుకుపోతుంది. చుట్టూ 5 మి.మీ. వదిలి, కింది పల్చటి కండతో సహా కోసి, వెంట్రుకలు పైకి ఉండేట్టు థర్మోకోల్ ముక్క మీద గుండుసూదులతో పరచండి. సాగదీస్తే గ్రంథి అణిగిపోతుంది. థర్మోకోల్ తేలుతుంది కాబట్టి బోర్లించి, చర్మం మునిగేట్టు 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో 24 గంటలు ఉంచండి. ద్రవం ముక్కకు 15-20 రెట్లు ఉండాలి. తర్వాత వెంట్రుక వాలిన దిక్కునే, నిలువుగా 3 మి.మీ. ముక్కలు కోసి, అంచు మీద నిలబెట్టి బ్లాక్ పోయండి. సెబేషియస్ నాళం వెంట్రుక కుదురులోకే తెరుచుకుంటుంది. వాలుకు అడ్డంగా కోస్తే గుండ్రాలే వస్తాయి.

చెంచుకోన:
ఆ గ్రంథి అంతా సెబేషియస్సే అనుకోవద్దు. కింద విశాలమైన బోలు ఉన్న గొట్టాలు కనబడతాయే, అవి స్వేదగ్రంథులు. కొవ్వు చూడాలంటే పారాఫిన్ మానండి. ఫార్మలిన్ తర్వాత 30 శాతం చక్కెర ద్రావణంలో ముక్క మునిగిపోయేదాకా ఉంచి, క్రయోస్టాట్‌లో (గడ్డకట్టించి కోసే యంత్రం) 10 మైక్రాన్లు కోసి, కొవ్వుకు ఎరుపు పట్టే ఆయిల్ రెడ్ ఓ రంగు వేయండి. గ్లిజరిన్ జెల్లీతోనే మూయాలి. మామూలుగా స్లైడు మూసే డీపీఎక్స్ జిగురులో జైలీన్ ఉంటుంది, ఎర్ర చుక్కలు కరిగిపోతాయి.

గోరువంక:
లేబుల్ మీద మగా ఆడా, బరువు రాయండి. ఈ గ్రంథి మగ హార్మోను మీద పెరిగేది, మగవాటిలో పెద్దది. చేలల్లో దొరికే జెర్బిల్ అనే ఎలుకకైతే పక్కన వెతకొద్దు, పొట్ట నడిమి గీత మీద చూడండి. ఇంకోటి, 'ఎలుక' అని రాయకండి సామీ, చుంచు ఎలుకల జాతే కాదు. చేతికి గ్లవుజులు తప్పనిసరి: హాంటా రకపు తొట్టపాళయం వైరస్‌ను 1964లో వెల్లూరులో చుంచు నుంచే వేరు చేశారు.

పెన్నాగట్టు:
రెండో పక్క చర్మం ఇంకా ఫార్మలిన్‌లోనే ఉంది. ఆయిల్ రెడ్‌కి పనికొస్తుందా?

చెంచుకోన:
ఆల్కహాల్ తగలకుంటే వస్తుంది. నీళ్ళలో బాగా కడిగి చక్కెరలో వేయండి.